ఇంటి తిండి పడలేదు

మనుషులు కింద కూర్చుంటే ఎవరో వంగి వడ్డించే అనాగరిక ఆచారం మన నల్లగొండ జిల్లాలో అంతరించిందని చెప్పడానికి ఎంతో సంతోషంగా ఉంది. తొంభై మూడో సంవత్సరం ఎండాకాలంలో, నకిరేకల్ దాటాక హైవే పక్కన, అంజన్న సేటు 'నవలోక్ బఫే' తెరిచిన రోజున ఈ శుభకార్యం జరిగింది. అంతకు ముందు ఆ రేకుల షెడ్డులో ఎరువుల బస్తాలు ఉండేవి. బస్తాలు తీసేసి, గోడలకు గులాబీ రంగు పూసి, గుమ్మానికి ప్లాస్టిక్ పూలతీగ వేలాడదీశారు. ఎరువుల వాసన మాత్రం అక్కడే ఉండిపోయింది. అది పట్నం మసాలా వాసన అయి ఉంటుందని జనం సర్దుకున్నారు.

మొదట్లో బఫే అంటే తెలియనివాళ్లు కొందరు లోపలికి వెళ్లి, కుర్చీలో కూర్చుని, ఎవరైనా వస్తారేమోనని చూసి చూసి ఆకలితోనే ఇంటికి పోయారు. తెలిసినవాళ్లు వాళ్లను చూసి నవ్వారు. ఆ నవ్వుకు జడిసి ఊరంతా వారం తిరక్కుండానే తెలిసినవాళ్లయిపోయారు. ఇక అక్కడ ఏం జరిగినా అది బఫే పద్ధతే. మంచినీళ్లు లేకపోతే అది పద్ధతి. అన్నం చల్లబడి గడ్డకడితే అదీ పద్ధతే. పిలిస్తే ఎవరూ పలకకపోవడం మరీ గొప్ప పద్ధతి. హైదరాబాదులో పెద్ద హోటళ్లలో కూడా ఇంతేనని, పెద్ద హోటల్ గడప ఎన్నడూ తొక్కనివాళ్లు హామీ ఇచ్చారు.

ఈ నాగరికతకు కొండంత అండగా నిలిచినవాడు ఐలేశం. నిమ్మకాయల కమీషన్ వ్యాపారి. ఆ ఏడే నిమ్మ వ్యాపారుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అధ్యక్షుడైనవాడు విందు ఇవ్వాలి కదా. పాత అధ్యక్షులు పాపం ఇంటి ముందు పందిరి వేసి, మోదుగాకు విస్తళ్లు పరిచి, బంతికి బంతి కూర్చోబెట్టి, వంగి వంగి వడ్డించి నడుములు పోగొట్టుకున్నారు. ఐలేశం విందు నవలోక్‌లో అని ప్రకటించాడు.

"ఇంట్లనే పెడదాం. నేను, పక్కింటి నిర్మలమ్మక్క కలిసి వండుతం" అంది అతని భార్య మంజులత.

"వచ్చెటోళ్లు పెద్ద పెద్దోళ్లు. కింద కూసుండవెడితే మన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు ఐలేశం. ఆ ఇంట్లో ఇజ్జత్ అన్న మాట వినబడిందంటే చర్చ ముగిసినట్టే.

విందు రోజు ఐలేశం చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. "సోదరులారా, వడ్డించేవాడు ఉన్నంతకాలం మనం బానిసలం. నేటితో ఎవరి గంటె వారి చేతికి వచ్చింది. ఇదియే నిజమైన స్వాతంత్ర్యం." సభ్యులు చప్పట్లు కొట్టి స్వాతంత్ర్యం వైపు కదిలారు. అక్కడే ఒక చిక్కు వచ్చిపడింది.

ఎడమ చేత్తో పళ్లెం పట్టుకోవాలి. కుడి చేత్తో కలుపుకుని తినాలి. మారు వడ్డించుకోవాలంటే గంటె పట్టుకోవాలి. కుడి చెయ్యి ఎంగిలి. ఎడమ చేత్తో అన్నం గంటె ముట్టుకోవడం మహాపాపం, పైగా అందులో పళ్లెం ఉండనే ఉంది. బంతిలోనైతే వడ్డించేవాడి చేతులు అందుకోసమే ఉండేవి. ఇప్పుడు మూడో చెయ్యి ఎక్కణ్నుంచి తేవాలి? సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంఘం కోశాధికారి గొంతు సవరించుకుని, పప్పు కారుతున్న కుడి చేత్తోనే గంటె అందుకున్నాడు. పదవిలో ఉన్నవాడు చేశాక ఇక అభ్యంతరం ఏముంటుంది? అందరూ అనుసరించారు. కాసేపటికి గంటె కాడకు పప్పు పట్టింది, పప్పు మీద పెరుగు పట్టింది, చూస్తుండగానే గంటె లావెక్కింది. ఇళ్లల్లో ఎంగిలి చెయ్యి తగిలితే కుండెడు నీళ్లు పారబోయించే పెద్దమనుషులు ఆ గంటెను ఎంతో ఆప్యాయంగా ఒకరి చేతికి ఒకరు అందించుకున్నారు. గంటె జారి కూరలో మునిగినప్పుడల్లా మోచేతి దాకా చెయ్యి పెట్టి పైకి తీశారు.

నవలోక్ పారిశుద్ధ్య విభాగాన్ని పోచయ్య ఒక్కడే నడిపేవాడు. ఆ విభాగానికి ఒక తువ్వాల ఉంది. దానితోనే బల్లలు తుడిచేవాడు, పళ్లేలు తుడిచేవాడు, ఈగలు తోలేవాడు, మధ్యమధ్య మెడ మీద చెమట కూడా ఒత్తుకునేవాడు. పళ్లేలు కడగడానికి నీళ్లేవని అడిగిన ఒకాయనకు, "గిది డ్రై సిస్టం సార్" అని సమాధానం వచ్చింది. అడిగినాయన సిగ్గుపడి, అలాంటి ప్రశ్న ఇంకెప్పుడూ వేయలేదు.

విందుకు పిలుపందుకున్న టైర్ల దుకాణం బాబా మియా తన బగారా అన్నంలోంచి మీసాలున్న ఒక నల్లటి వస్తువును పైకి తీశాడు.

"ఐలేశన్నా, జర గిదేందో చూడరాదే."

ఐలేశం చూశాడు. చూడగానే గుర్తుపట్టాడు. అయినా అధ్యక్షుడు కనుక తడబడలేదు. "పెద్ద ఇలాచీ. పట్నం మాలు గట్లనే ఉంటది" అన్నాడు.

మూడు తరాలుగా బగారా తింటున్న ఇంట్లో పుట్టిన బాబా మియాకు ఏ ఇలాచీకీ కాళ్లుండవని తెలుసు. కానీ పట్నం మాలు తెలియనివాడనిపించుకోవడం అతనికీ ఇష్టం లేదు. దాన్ని పళ్లెం అంచుకు జరిపి, "అచ్ఛా హై" అని మిగతాది తినేశాడు.

ఐలేశం తల్లి గుర్వమ్మ పళ్లెం పట్టుకుని, ఎవరైనా పిలుస్తారేమోనని గోడకు ఆనుకుని నిలబడింది. ఐలేశమే గబగబా పోయి ఆమె పళ్లెం నింపుకొచ్చాడు. కొడుకు చేతి మీదుగా వచ్చిందని ఆమె ఒక్క మెతుకు వదలకుండా తిన్నది. మంజులత మాత్రం గంటె వంక ఒకసారి చూసి, ఆ రోజు ఒక్కపొద్దు, ఉపవాసం అని చెప్పి పళ్లెం ముట్టుకోలేదు. ఆ తర్వాత జరిగినదానికంతా ఈ నేరమే మూలమైంది.

తెల్లారేసరికి నిమ్మ వ్యాపారుల సంఘం సర్వసభ్య సమావేశం ఊళ్లో ఉన్న ప్రైవేటు దవాఖానలో జరిగింది. కోరం పూర్తిగా ఉంది. కొందరు మంచాల మీద, కొందరు వరండాలో కడుపులు పట్టుకుని ముడుచుకున్నారు. ఎవరి నోటా బఫే పేరు రాలేదు. బఫే పడలేదంటే అలవాటు లేదని అర్థం, అలవాటు లేదంటే పల్లెటూరివాడని అర్థం. అందుకని కోశాధికారి తన భార్య చేసిన గోంగూర మీద ఫిర్యాదు చేశాడు. బాబా మియా తన భార్య గులాబ్‌బీ ఖట్టాదాల్‌లో పులుపు ఎక్కువేసిందన్నాడు. డాక్టరు గారు ఎవరినీ తిరిగి ప్రశ్నించలేదు. ఆయన కూడా నిన్న విందుకు వచ్చినవారే. ప్రతి ఇద్దరు రోగులకూ ఒకసారి పెరటి వైపు పరుగెత్తి, తిరిగొచ్చి, "ఇంట్లో వంట విషయంలో జాగ్రత్త అవసరం" అని నీరసంగా సలహా ఇస్తున్నారు.

అందరికంటే గుర్వమ్మ పరిస్థితి అన్యాయంగా ఉంది. కళ్లు లోపలికి పోయాయి. గ్లూకోజు ఎక్కుతున్నా చేతులు చల్లగానే ఉన్నాయి. ఐలేశానికి తన కడుపునొప్పి మరిచిపోయేంత భయం వేసింది. ఆ పళ్లెం నింపింది తన చేతులే.

"నిన్న ఏం తిన్నవమ్మా?" అని డాక్టరు గారు అడిగారు. ఎందుకు అడిగారో ఆయనకే తెలియదు, అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. వార్డులో మూలుగులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గుర్వమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు గ్లూకోజు సీసా వైపు చూశాడు.

"కోడలు చేసిన పప్పుచారు, సారూ" అంది గుర్వమ్మ.

అందరూ ఊపిరి పీల్చుకుని మళ్లీ మూలగడం మొదలుపెట్టారు. అత్త కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు ఒత్తుతున్న మంజులత చేతులు ఒక క్షణం ఆగాయి. ఆ తర్వాత మళ్లీ ఒత్తసాగింది.

విచారణ అంతటితో పూర్తయింది. ఇంటిల్లిపాదీ మంచాన పడితే ఈమె ఒక్కతే ఎలా నిక్షేపంగా ఉందని ఊళ్లో తెలివైనవాళ్లు అడిగారు. ప్రశ్న సమంజసమైనదే. రోగం రానివాళ్ల మీద అనుమానపడటం కంటే సులువైన పరిశోధన వైద్యశాస్త్రంలో మరొకటి లేదు. నిర్మలమ్మ ఒక్కతే, "ఆమె చేతి వంట పదేండ్ల సంది తింటున్న, నాకేం గాలే" అని వాదించింది. ఆమె కూడా ఆరోగ్యంగానే ఉండటంతో ఆ సాక్ష్యం చెల్లలేదు. గుర్వమ్మకు ఇంటి వంట బంద్ చేసి, శుభ్రమైన బయటి ఆహారం పెట్టాలని డాక్టరు గారు రాసిచ్చారు.

బయటి బ్రెడ్డు ఆమె కడుపులో నిలవలేదు. బయటి పాలు అసలే నిలవలేదు. ఐలేశం వరండా చివర మంజులతను పట్టుకుని, గోడతో మాట్లాడుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"జర జొన్న జావ కాసి తెస్తవా?"

"నా చేతి తిండి పడదంట గదా."

"అమ్మ పానం పోతదే."

ఆమె ఇంకో మాట అనకుండా ఇంటికి పోయి జావ కాసి, మజ్జిగ కలిపి స్టీలు డబ్బాలో తెచ్చింది. ఐలేశం ఆ డబ్బాను గేటు దగ్గరే అందుకుని, నవలోక్ బఫే అని గులాబీ రంగులో అచ్చువేసిన ప్లాస్టిక్ కవరులో పెట్టి, అందరికీ కనబడేలా పట్టుకుని లోపలికి నడిచాడు. మంజులత ఆ కవరును చూసింది, అతణ్ని చూసింది. ఆమె చూపుకు అతని చెవులు వేడెక్కాయి. అయినా కవరు తీయలేదు.

జావ నిలిచింది. పూటపూటకూ కవరు వచ్చింది, పూటపూటకూ గుర్వమ్మ కళ్లలోకి వెలుగొచ్చింది. మూడో రోజుకు లేచి కూర్చుంది. ఇంటి తిండితో చావుకు దగ్గరైన మనిషి నవలోక్ తిండితో కోలుకున్నదన్న వార్త చిట్యాల దాకా పాకింది. డాక్టరు గారు కూడా కవరును కళ్లారా చూశానని ధ్రువీకరించారు.

ఇంత మంచి వార్తను అంజన్న సేటు ఊరికే వదులుతాడా? పూలదండ, ఫొటోగ్రాఫరు, సంఘ సభ్యులతో సహా దవాఖానకు ఊరేగింపుగా వచ్చాడు. వెనకాల పోచయ్య ఘుమఘుమలాడే పళ్లెం మోసుకొచ్చాడు. సేటు గొంతు సవరించుకున్నాడు. "మహాజనులారా, మేము అమ్ముచున్నది అన్నం కాదు, ఆరోగ్యం. ఈ మాతృమూర్తియే మాకు సర్టిఫికెట్. వీరి సుపుత్రులు, మన అధ్యక్షులు, స్వహస్తములతో ఈ ప్రసాదాన్ని వారికి తినిపించవలసిందిగా ప్రార్థన."

ఐలేశం చేతికి చెంచా వచ్చింది. ఫొటోగ్రాఫరు ఒక కన్ను మూశాడు. అప్పుడే జావ డబ్బాతో లోపలికి వచ్చిన మంజులత మంచం పక్కన నిలబడి, ఎంతో మర్యాదగా అడిగింది.

"సేటు, ముందుగాల మీరొక ముద్ద తినుండ్రి. పెద్దలు తిన్నంక పెడితే అత్తమ్మకు జల్ది పడ్తది."

సేటు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మాఫ్ చెయ్యమ్మా. నాకు బయటి తిండి పడది. మా ఇంటామె పొద్దుగాల్నే క్యారియర్ గట్టి ఇస్తది, గదే తింట."

ఇప్పుడైనా ఎవరో ఒకరు నోరు తెరుస్తారని మంజులత ఒక్కొక్కరి మొహమే చూస్తూ పోయింది. చివరికి బాబా మియా నోరు తెరిచాడు.

"వాహ్, ఏం పరహేజ్, ఏం పథ్యం. గంత పెద్ద హోటల్ పెట్టుకోని సుత ఇంటి తిండే తింటడంటే ఆషామాషీ మనిషి గాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఐలేశం చెంచాను తల్లి నోటి దగ్గరికి తీసుకెళ్లాడు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది, చెయ్యి మాత్రం ఆగలేదు. గుర్వమ్మ పెదాలు బిగించి, అతని మణికట్టు పట్టుకుని పక్కకు నెట్టింది.

"నీ ఇజ్జత్ కోసం ఒకపారి అబద్ధం ఆడిన కొడుకా. రెండోపారి సచ్చుడు నాతోని గాదు. నీ పెండ్లాం చేతి జావతోనే బతికిన." ఆమె కోడలి వైపు తిరిగింది. "తప్పైంది బిడ్డా. జర జావ పొయ్యి."

మంజులత డబ్బా మూత తీసి గ్లాసులో పోసింది. గుర్వమ్మ అందరూ చూస్తుండగా, ఆగి ఆగి, చివరి చుక్క దాకా తాగింది.

ఐలేశం సభ్యుల వైపు తిరిగి, తడి కళ్లతోనే వివరణ ఇచ్చుకున్నాడు. "ముసలి మనిషి. జ్వరంతోని ఏదో అంటాంది. బఫే అంటే ఆమెకేం ఎరుక?" సభ్యులు సానుభూతితో తలలాడించారు. మనసులు తేలికపడ్డాయి. ఫొటో కూడా బాగానే వచ్చింది. అందులో చెంచా గుర్వమ్మ నోటికి చాలా దగ్గరగా ఉంది.

పళ్లెం మాత్రం అలాగే మిగిలిపోయింది. అంజన్న సేటు అన్నాన్ని పారేయనిచ్చే మనిషి కాదు. పోచయ్య దాన్ని తువ్వాల కప్పి హోటలుకు తీసుకెళ్లి, సాయంత్రం గిన్నెలో కలిపేశాడు. చీకటి పడుతుండగా విజయవాడ బస్సు అక్కడ ఆగింది. దిగినవాళ్లలో మీరు కూడా ఉన్నారు. గంటె కాస్త జిడ్డుగా ఉందని మీకు అనిపించింది. పక్కనున్నవాళ్లెవరూ ఏమీ అనకపోవడంతో మీరూ ఏమీ అనలేదు. మర్నాడు కడుపు పట్టుకుని మంచమెక్కితే, ఏం తిన్నారని డాక్టరు అడిగాడు. బయలుదేరే ముందు ఇంట్లో తిన్న వంకాయ కూర అని చెప్పారు.