బానెట్ మీద పున్నమి

ఆదివారం పథకంలో మూడే పనులున్నాయి. ఆలస్యంగా లేవడం, కారుని ఒకసారి పైపైన తుడవడం, సాయంత్రం ఐదింటికి మామగారు వచ్చి చూసేదాకా దాని జోలికి పోకుండా ఉండటం. పెళ్ళయి నలభై రోజులైన జంటకి ఇంతకన్నా పెద్ద పథకం వెయ్యడం చేతకాదు. మొదటి పని దివ్యంగా జరిగింది. తొమ్మిదింటికి లేచారు.

కారు మామగారిది. ముదురు నీలం రంగు, పదకొండేళ్ళ వయసు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు దుకాణాల్లో తక్కెడ ముల్లు వంక అనుమానంగా చూసిన కళ్ళు, ఆ తర్వాత చూడటానికి వేరే ఏమీ దొరక్క కారు మీద పడ్డాయి. తెల్లారి లేస్తూనే, పళ్ళు కూడా తోముకోకుండా, పాత బనీను గుడ్డతో దాన్ని పొడిపొడిగా తుడిచేవారు. పదకొండేళ్ళలో ఒక్క గీత పడిందేమో చూపించమని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ సవాలు విసిరేవారు. వాళ్ళు టీ కోసం వచ్చిన వాళ్ళు కనక ఎవరూ వెతికేవారు కాదు.

నిరుటి నుంచి ఆయన మోకాళ్ళు క్లచ్ తొక్కనంటున్నాయి. కారుని అల్లుడికి ఇచ్చెయ్యాలని నిర్ణయించుకున్నారు. ఉత్తినే ఇస్తే ఆయన ఇన్‌స్పెక్టరు ఎందుకవుతారు? ముందు వారం రోజుల పరీక్ష పెట్టారు. వారం వాడుకుని, గీత పడకుండా అప్పగించిన అల్లుడికే కారు. పెద్దల్లుడు నిరుడు నాలుగో రోజునే తప్పాడు. బానెట్ మీద మంచినీళ్ళ బాటిల్ పెట్టాడు, అర నిమిషం పాటు. పెట్టానని నిజాయితీగా తనే చెప్పాడు కూడా. అప్పట్నుంచి అత్తవారింట్లో ఎంత అడిగితే అంతే మాట్లాడుతున్నాడు.

ఇక కొత్తల్లుడి వంతు. ఈ ఆరు రోజులూ ఆ ఇద్దరూ ఆ కారుతో ఆడిన ఆటలు చెప్పుకుంటే సిగ్గుచేటు. వీధి చివర కొట్టుకి అగ్గిపెట్టె కోసం కార్లో వెళ్ళారు. వాన లేకుండా వైపర్లు వేసి నవ్వుకున్నారు. ఒక సాయంత్రమైతే ఎక్కడికీ వెళ్ళకుండా, ఇంటి ముందు నిలబడ్డ కార్లోనే కూచుని ఇండికేటర్ టిక్కుటిక్కుమంటుంటే పాట విన్నట్టు విన్నారు. వచ్చే శుక్రవారం సముద్రం చూడ్డానికి వెళ్దామని, అక్కడ కార్లోనే కాళ్ళు చాపుకుని పడుకుందామని ఆమె రెండు దిళ్ళు కూడా కొనేసింది. కారు దక్కకపోతే ఆ దిళ్ళని బస్సులో మోసుకెళ్ళాలి. అందుకే ఈ రోజు గడవాలి.

గుడ్డ తీసుకుని బయటికొచ్చిన అతనికి బానెట్ కుడివైపున పిట్ట రెట్ట కనబడింది. రాత్రెప్పుడో వేసిందేమో, ఎండి రాయైపోయింది. గుడ్డతో రుద్దితే రాలేదు. డిగ్రీ చదివిన బుర్ర కనక వెంటనే పరిష్కారం తోచింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమే స్క్రబ్బర్ పట్టుకొచ్చాడు. దానికి మెత్తటి వైపొకటి, ఆకుపచ్చ గరుకు వైపొకటి ఉంటాయి. ఎటు వాడాడో వేరే చెప్పక్కర్లేదు. పది గీకుల్లో రెట్ట పోయింది. దాంతోపాటు అక్కడి మెరుపూ పోయింది. అరచేయంత మేర బానెట్ పాలు పోసినట్టు తెల్లబోయింది.

ఫోన్లో ఏదో వీడియోలో ఎవరో టూత్‌పేస్టు రాయమన్నాడు. రాశాడు. అరచేయంతది కంచమంత అయింది. ఎవరో వంటనూనె అన్నాడు. అదీ రాశాడు. రెండు నిమిషాలు కారు పెళ్ళికూతురిలా మెరిసింది, మూడో నిమిషంలో వీధిలో దుమ్మంతా వచ్చి నూనె మీద వాలింది.

అతనెంతకీ లోపలికి రాకపోయేసరికి భార్య బయటికొచ్చి చూసింది. నవ్వు ఆపుకోవడానికి గుమ్మం పట్టుకుంది.

"నాన్నకి ఫోన్ చేసి చెప్పెయ్యండి. పిట్ట రెట్ట వేసింది, గీకాను, మచ్చ పడింది. మూడు ముక్కలు, అయిపోతుంది."

"మీ బావ బాటిల్ పెట్టానని ఒక్క ముక్కే చెప్పాడు. ఏమైంది?"

ఆ కుటుంబంలో నిజానికి పలికే రేటు ఆమెకీ తెలుసు.

రెండు వీధులవతల కార్లకి మెరుగుపెట్టే షెడ్డు ఒకటుంది. దాని యజమానిని అందరూ డాక్టరంటారు. నీలం రబ్బరు తొడుగులు వేసుకుంటాడు, నుదుటికి దీపం కట్టుకుంటాడు, వచ్చిన ప్రతివాణ్ణీ ఇంత ముదిరాక తెచ్చావేమిటన్నట్టు చూస్తాడు. కార్లంటే అతనికి ప్రాణం, కార్లున్న వాళ్ళంటే అసహ్యం. ముందుగా అల్లుడి ఉంగరం, గడియారం, బెల్టు, ఫోను తీయించి ఒక పళ్ళెంలో పెట్టించాడు. కారుకి ఒరుసుకుంటే గీతలు పడతాయట. నలభై రోజుల కిందట వేలికెక్కిన ఉంగరం మొదటిసారి దిగింది, అదీ ఒక బానెట్ కోసం.

తర్వాత చిన్న మీటరు పెట్టి రంగు మందం కొలిచాడు. రంగు పైన పల్చటి గాజులాంటి పొర ఉంటుందనీ, గీతలన్నీ ఆ పొరలోనే ఉన్నాయనీ, దాన్ని వెంట్రుకలో పదోవంతు అరగదీస్తే చాలు మెరుపు తిరిగొస్తుందనీ వివరించాడు. ఏమిటితో గీకావని అడిగాడు. విని, కాసేపు కళ్ళు మూసుకున్నాడు. మనిషి చచ్చిపోయాడంటే కూడా అతను అంతసేపు మూసుకోడని తర్వాత తెలిసింది.

బానెట్ మొత్తం చెయ్యాలన్నాడు డాక్టర్. మచ్చ ఒక్కటి చాలన్నాడు అల్లుడు. మొత్తం చేస్తే మామగారు పట్టేస్తారని అతని భయం. సరే మీ ఇష్టమని డాక్టర్ మచ్చని కడిగి, పాలిష్ మిషను తీసుకుని, ఇరవై నిమిషాలు అదే చోట తిప్పాడు. మిషను ఆగాక ఇద్దరూ చూశారు. మచ్చ లేదు. దాని స్థానంలో నల్లటి ఆకాశంలో పున్నమి చంద్రుడిలా, కంచమంత మేర ధగధగా మెరుస్తోంది. చుట్టూ ఉన్న బానెట్ అంతా దాని ముందు పదిరోజులు స్నానం చెయ్యని దానిలా ఉంది.

"పెయింట్ సంగతింతే సార్. ఒకచోట నిజం చెబితే చుట్టుపక్కల అబద్ధాలన్నీ బయటపడతాయి" అన్నాడు డాక్టర్, ఈ రోజు కోసమే ఆ మాట దాచుకున్నట్టు.

పున్నమి చంద్రుణ్ణి మామగారికి చూపించే ధైర్యం లేదు కనక బానెట్ మొత్తానికీ ఒప్పుకున్నాడు. కోతిపుండు బ్రహ్మరాక్షసి అయిందని అతను అనుకుంటూండగానే డాక్టర్ బానెట్ మధ్యన టేపు అంటించి, ముందు కుడి సగం మెరుగుపెట్టాడు. టేపు తీసి, పక్కనుంచి దీపం వేసి, ఫోటో తీశాడు. కుడివైపు అద్దంలా ఉంది. ఎడమవైపు ఎన్ని సాలీళ్ళు ఎన్నేళ్ళు కష్టపడ్డాయో అన్నట్టు గుండ్రటి గీతలు. సగం సగం ఫోటో లేకుండా ఏ కారునీ వదలడు డాక్టర్. తీసిన నిమిషంలో, షెడ్డు చిరునామాతో సహా, నెంబరు ప్లేటుతో సహా, తన పేజీలో పెట్టేశాడు.

ఆదివారాలు పెద్దల్లుడికి ఫోను చూడటం తప్ప పని లేదు. ఆ నెంబరు ప్లేటు అతను నిద్రలో కూడా గుర్తుపడతాడు. పది నిమిషాల్లో ఫోటో కుటుంబ గ్రూపులోకి వచ్చింది. కింద చాలా వినయంగా, ఇది మన కారేనా అని ఒక ప్రశ్న, రెండు దండాలు.

మామగారు భూతద్దం పెట్టి చూశారు. అద్దంలా ఉన్న కుడి సగం చూడగానే ఆయనకి అనుమానం లేకపోయింది. తన కారు ఎప్పుడూ అలాగే ఉంటుంది, పదకొండేళ్ళుగా ఆయన మనసులో అలాగే ఉంది. మరి ఎడమ సగం? కూతురికి ఫోన్ చేశారు.

"మీ ఆయన ఆరు రోజుల్లో సగం కారు తినేశాడు. మిగతా సగం తినకముందే నేను వెళ్తున్నాను."

ఆమె మొగుడికి చేసిన పద్నాలుగు ఫోన్లూ పళ్ళెంలో ఉంగరం పక్కనే మోగి మోగి ఊరుకున్నాయి. చివరికి చెప్పులేసుకుని తనే బయల్దేరింది. ఆమె షెడ్డు చేరేసరికి మామగారి టాక్సీ అప్పటికే ఆగి ఉంది.

మామూలుగా ఆయన అల్లుణ్ణి బాబూ అంటారు, నువ్వు అంటారు. కోపం వస్తే మర్యాద పెరుగుతుంది.

"అల్లుడుగారూ, మీరు ఈ సగాన్ని దేంతో రుద్దారు?" అన్నారు ఎడమ సగం చూపిస్తూ.

అల్లుడు వేలు ఎటు చూపిస్తోందో చూడలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం.

"స్క్రబ్బర్‌తో మామయ్యగారూ. కొంచెమే."

"ఇది కొంచెమా?"

"పైపైన."

డాక్టర్‌కి వేరేవాళ్ళు తన వృత్తి గురించి తప్పు మాట్లాడితే ఒళ్ళు మండుతుంది. మిషను కింద పెట్టి అడ్డొచ్చాడు.

"ఆగండి పెద్దాయనా. ఆ సగం ఈయన ముట్టుకోనే లేదు. మెరిసేది నేను చేసింది, గీతలున్నది వచ్చినప్పటిది. ఎవరో పుణ్యాత్ముడు ఏళ్ళ తరబడి రోజూ పొడిగుడ్డతో రుద్దాడు. దుమ్ము మీద పొడిగుడ్డ అంటే శాండ్ పేపరే. ఒక్క వారంలో ఇన్ని గీతలు పెట్టడం పగవాడి వల్ల కూడా కాదు. దీన్ని ఎవరో బాగా ప్రేమించారు."

కూతురు గోడకేసి చూసింది.

"ఆ పుణ్యాత్ముణ్ణి నేనే" అన్నారు మామగారు.

ఇంకొకడైతే నాలిక కరుచుకునేవాడు. డాక్టర్ తల పంకించాడంతే. నోటిమాట మామగారికి పనికిరాదు. కొలిచి చూపించమన్నారు. సరేనని డాక్టర్ మెరిసే సగాన్ని చూపించి, రోజూ ఎలా తుడుస్తారో అలాగే తుడవమన్నాడు. మామగారి జేబులో బనీను గుడ్డ సిద్ధంగా ఉంది, ఎప్పుడూ ఉంటుంది. నాలుగు చుట్లు, మెత్తగా, పసిపిల్ల వీపు నిమిరినట్టు తుడిచారు. డాక్టర్ పక్కనుంచి దీపం వేశాడు. అద్దం మీద నాలుగు చుట్లు, తాజాగా, లెక్క తప్పకుండా పడి ఉన్నాయి.

ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తప్పుడు తూకం పట్టుబడ్డ దుకాణదారులు ఎంతోమంది ఆయన ముందు ఎలా నిలబడేవారో, ఇప్పుడు ఆయన అలా నిలబడ్డారు. వాళ్ళలో కొందరు బుకాయించేవారు. ఈయన ఆ పని చెయ్యలేదు. గుడ్డ మడిచి చెత్తబుట్టలో వేశారు.

అంటే అల్లుడు నెగ్గాడు. మచ్చ మాయమైంది, గీతలు మామగారివని తేలింది. ఆ క్షణాన నోరు మూసుకుని నిలబడితే కారు అతనిది, శుక్రవారం సముద్రం అతనిది. కానీ కొందరు మగవాళ్ళకి గెలుపు చేతికందగానే ఒక మెట్టు పైనుంచి అందుకోవాలనిపిస్తుంది.

"అయితే మరి ఇక్కడికెందుకు తెచ్చావు బాబూ?" అని అడిగారు మామగారు. గొంతు తగ్గింది, నువ్వు తిరిగొచ్చింది.

"మీకోసమే మామయ్యగారూ. పదకొండేళ్ళు అంత ప్రేమగా చూసుకున్నారు. కొత్తదానిలా చేసి మీకు కానుకగా ఇద్దామని. ఆ స్క్రబ్బర్ మాట ఏదో కంగారులో అన్నాను."

డాక్టర్ ఏదో అనబోయి, కార్లున్న వాళ్ళ మీద ఉన్న పాత అసహ్యం కొద్దీ ఊరుకున్నాడు. భార్య మొగుణ్ణి పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. నలభై రోజుల్లో ఆ చూపు ఆమె వాడటం ఇదే మొదలు.

మామగారు మాత్రం కళ్ళు తుడుచుకున్నారు. కారు మొత్తం చేసెయ్యమని డాక్టర్‌తో చెప్పి, స్టూలు లాక్కుని అక్కడే కూచున్నారు. తలుపు తర్వాత తలుపు, పైకప్పు, డిక్కీ మెరుస్తుంటే చూస్తూ, మధ్యాహ్నం భోజనం మాట ఎత్తలేదు, ఎవర్నీ ఎత్తనివ్వలేదు. సాయంత్రానికి కారు షోరూములో ఉన్నప్పటికన్నా బావుంది. ఆయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, ముందు తలుపులో తన మొహం చూసుకుని, మీసం సవరించుకున్నారు. అల్లుడు ఉంగరం, గడియారం పెట్టుకుని, కాగితాలు తీసుకోవడానికి వినయంగా దగ్గరికొచ్చాడు.

"కానుక ఇచ్చిన చేతుల్లోనే తిరిగి పెడితే మర్యాద కాదు బాబూ. ఇది నా దగ్గరే ఉంటుంది" అన్నారు మామగారు.

"మీ మోకాళ్ళు మరి..."

"చూసుకోడానికి మోకాళ్ళతో పనేముంది?"

భార్య ఒక్క మాట కూడా సాయానికి రాలేదు. మొగుడి కానుకని తండ్రి దగ్గర్నుంచి లాక్కునే కూతుర్ని కాదని ఆమె మొహం మీద స్పష్టంగా రాసి ఉంది. వచ్చే నవ్వుని ఈసారి ఆపుకోలేదు కూడా.

డాక్టర్ చివరగా జాగ్రత్తలు చెప్పాడు. పొడిగుడ్డ ముట్టకూడదు, వారానికోసారి రెండు బకెట్ల నీళ్ళతో కడగాలి, మెత్తటి గుడ్డతో అద్దాలి, అన్నిటికన్నా ముఖ్యం, పెద్దాయన చెయ్యి కారు మీద పడకూడదు. మామగారు బుద్ధిగా తలూపి, మరి ఎవరు కడగాలన్నట్టు చుట్టూ చూశారు. ఎక్కువసేపు చూడాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఏడింటికల్లా కొత్తల్లుడు రెండు బకెట్లతో అత్తవారింటి ముందు హాజరవుతున్నాడు. పెద్దల్లుడికి ఆ గౌరవం ఇంకా దక్కలేదు.