నూరేళ్లు నిండిన సందర్భంగా

అక్టోబరు రెండో తారీఖు ఉదయం పద్మకుమారి తలంటుకుని, పెట్టెలోంచి జరీచీర తీసింది. శ్రీకూర్మంలో చెల్లెలు చిన్నతల్లి కూతురికి మధ్యాహ్నం బారసాల. ఊరంతటికీ సెలవు కనుక ఈసారైనా భర్త వెంట వస్తాడని ఆమె ఆశ.

ఆమదాలవలస బజారులో వాళ్ల ఇంటి ముందుగదే నరసింగరావు బట్టల కొట్టు. పెళ్లయిన ఆరేళ్లలో ఆ తలుపులు పట్టపగలు మూసి ఉండగా ఎవరూ చూడలేదు.

"ఇయ్యేళైనా కొట్టు కట్టీయండి. గాంధీగారి పండగ కదా."

"పండగ గనకే తియ్యాలి. నూరేళ్ల పండగ మళ్లీ వస్తాదేటి? పొందూరు ఖద్దరు రెండు మూటలు దింపేను."

"సెలవు ఆఫీసోళ్లకి, బేరం మీకు. మరి పండగ ఎవలికండీ?" పద్మకుమారి నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"కొనుక్కున్నోళ్లకి," అని అతను మూట విప్పుకుంటూ కొట్టు లోపలి మూలన కూర్చున్నాడు.

గంట గడిచినా బేరం లేదు. గుమ్మం దాకా వచ్చినవాళ్లు పైకి చూసి, తల వంచుకుని వెళ్లిపోతున్నారు. చివరికి ఎదుటి టీ కొట్టు జోగయ్య లోపలికి తొంగి చూశాడు.

"బావా, బతికే ఉన్నావేటి?"

"ఏటా మాట?"

"బైటికొచ్చి నీ బోర్డు సదువుకో."

ఎప్పుడూ ఉండే 'నరసింగరావు బట్టల కొట్టు' అన్న అక్షరాల కింద, బోర్డులు రాసే గంగులు నిన్న కట్టిన గుడ్డ ఉంది: 'నూరేళ్లు నిండిన సందర్భంగా అన్ని బట్టలూ చవక'.

పక్క కొట్టు దగ్గర నిచ్చెన మీదున్న గంగుల్ని నిలదీస్తే, అతను తొణకలేదు. "చవక పెద్దచ్చరాల్లో రాయమన్నావు గదా బాబూ. చోటు సాల్లేదు. గాంధీగారు ఎలాగూ అందరికీ తెలిసినోడే, ఆయన్ని తీసీసేను."

"అదలాగుంచు," అన్నాడు జోగయ్య. "నీ మరదలి పక్కింటి గున్నమ్మ ఖద్దరుకని వచ్చి, ఇది సదివించుకుని, ఏడుస్తూ బస్సెక్కీసింది. ఆపుదావంటే ఆగలేదు."

గుమ్మంలో ఉన్న పద్మకుమారి గబగబా బయటికొచ్చింది. "బారసాల ఆపీస్తారు. పసిపిల్లని వదిలీసి అందరూ ఇటే వచ్చీస్తారు."

"టెలిగ్రాం ఇస్తాను."

"పోస్టాఫీసుకి సెలవు. అయినా పోయినోడిచ్చిన టెలిగ్రాం ఎవలు నమ్ముతారు? మనిషే ఎల్లి కనపడాల."

తర్వాతి బస్సుకు పది నిమిషాలే ఉంది. బోర్డు సంగతి వచ్చాక చూద్దామని నరసింగరావు కొట్టుకు తాళం వేశాడు.

శ్రీకూర్మంలో అరుగు మీద ఏడుస్తున్న చిన్నతల్లి బావను చూసి గభాలున లేచి గున్నమ్మను కేకేసింది. గున్నమ్మ వచ్చి అతని చెయ్యి గిల్లి చూసింది. అతను అబ్బా అన్నాకే పిల్లను ఉయ్యాల్లో వేశారు. నరసింగరావు రెండుసార్లు పరమాన్నం వేయించుకుని, చాపమీద నడుం వాల్చి, "సెలవంటే ఇలాగుంటాదన్నమాట," అన్నాడు.

ఆమదాలవలసలో ఉదయం నుంచీ నమ్మని నలుగురైదుగురు కూడా, మూసిన ఆ తలుపులు చూశాక నమ్మేశారు.