లావు కేబులూ ముందు గదీ

ఆ ఆదివారం పొద్దున చిద్రిలోని దయానంద్ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. ఒకరు దయానంద్, గంజ్‌లో విత్తనాల దుకాణం, ఇంట్లో పాటల పిచ్చి. రెండోవారు ఆయన భార్య జగదేవి, వంటింట్లో ఉంది, ముందురోజు సాయంత్రం నుంచీ కోపంగా ఉంది. మూడోవారు ఆయన తల్లి సిద్ధమ్మ. ఆమెకు చెవి మిషన్ ఉంది కానీ బ్యాటరీ అరిగిపోతుందని పెట్టుకోదు. నాలుగో మనిషి మేనకోడలు సప్న. పీయూసీ చదవడానికి నిర్ణా నుంచి వచ్చింది. ఈ ఏడాదిన్నరలో ఆ ఇంట్లో ఆమె ఎక్కువగా పలికిన మాట "ఊఁ".

ఇంకొకటి కూడా ఉంది. అది మనిషి కాదు గానీ, దానికి దొరికిన మర్యాద చూస్తే లెక్కలో చేర్చక తప్పదు. శనివారం సాయంత్రం కొరియర్‌లో వచ్చిన కరెంటు కేబులు. బొటనవేలంత లావు, ఒంటి నిండా నల్లటి అల్లిక గుడ్డ, చివర పిడికిలంత ప్లగ్గు.

వచ్చిన వెంటనే ఆంప్లిఫయర్‌కు తగిలించాలని దయానంద్ ఉబలాటపడ్డాడు. సిద్ధమ్మ పడనివ్వలేదు.

"శనారం పూట కొత్త ఇనుము ముట్టిస్తవారా? పూజ చెయ్యకుండ ముట్టిస్తవా?" అని కేబుల్ లాక్కుని దేవుడి గూట్లో పెట్టేసింది.

ఆదివారం స్నానం చేసి వచ్చి దానికి పసుపు రాసింది. ప్లగ్గుకున్న మూడు పిన్నులకూ మధ్యలో మూడు కుంకుమ బొట్లు పెట్టింది.

"తీగకు పూజనా అత్తమ్మా?" అంది జగదేవి.

"ఏంది?"

"తీగకు! పూజనా!" అని అరిచింది జగదేవి.

"నీ మిక్సీకి చెయ్యలేనా? ఫ్రిజ్జుకు చెయ్యలేనా? దీనికేం పాపం?" అంది సిద్ధమ్మ.

దయానంద్ ఈలోపు డబ్బాలో వచ్చిన కాగితాన్ని నాలుగోసారి చదువుతున్నాడు. "ఇగో, సాఫ్ రాసిండ్రు. మధ్యల ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టొద్దు, కన్వర్టర్ పెట్టొద్దు. సీదా గోడకే పెట్టాలె. మధ్యల ఏదొచ్చినా ఆవాజ్ ఖరాబైతది."

"ఏందయ్యా, నాకొక్క మాట చెప్పు." జగదేవి గరిటెతో బయటికి వచ్చింది. "కరెంటు యాడ్నుంచో కోసుల దూరంకెళ్లి వస్తది. స్తంభం మీద తీగ అదే, గోడల తీగ అదే. ఆఖరి మూరెడు లావు చేస్తే ఏమైతది?"

"నీళ్ల పైపుకు ఆఖర్ల ఫిల్టర్ పెడితే నీళ్లు సాఫ్ అయితయా, కావా?"

"నీళ్లల్ల మట్టుంటది. కరెంట్ల ఏముంటది?"

"ఉంటది. కచ్రా ఉంటది."

"అయితే చీపురు పట్టి ఊడువు. నేను మాత్రం ఆ గది ఊడువ."

ఆ గది అంటే ముందు గది. గొడవంతా దాని గురించే. సప్నను తీసుకొచ్చి దింపిన రోజు ఆమె తల్లి సుందరాబాయికి ముందు గది పిల్లకే అని జగదేవి మాట ఇచ్చింది. నెల తిరగకముందే అందులోకి బడిపిల్లలంత ఎత్తున్న రెండు స్పీకర్లు వచ్చి నిలబడ్డాయి. సప్న చాప వంటింట్లోకి, జొన్నల సంచికీ మిక్సీకీ మధ్యకు మారింది. ఇప్పుడు పరీక్షలకు పద్దెనిమిది రోజులున్నాయి. మిక్సీ తిరిగినప్పుడల్లా ఆమె చదివిన రసాయన సమీకరణాలు వెల్లుల్లి చట్నీలో కలిసిపోతున్నాయి.

"సరే, పందెం," అంది జగదేవి. "ముగ్గురు కూసొని వినాలె. ఏ తీగ పెట్టినమో కనవడొద్దు. ముగ్గురికి ఫరక్ తెలిస్తే గది నీది, నేను మల్ల నోరెత్త. ఒక్కరికి తెల్వకున్నా గది పిల్లది."

"జబాన్?" అని మాట అడిగాడు దయానంద్.

"జబాన్."

దయానంద్ మొహం వెలిగిపోయింది. పది గంటలకు ఇద్దరు మిత్రులు ఎలాగూ వస్తున్నారు. రిటైరైన సంగీతం మాస్టారు భీమ్‌రావ్ ఒకరు. బగ్దల్‌లో పెళ్లిళ్లకు సౌండ్ బాక్సులు కిరాయికిచ్చే మొగులప్ప ఇంకొకరు. మొగులప్ప ఇరవై ఏళ్లు ఆ బాక్సుల ముందే నిలబడ్డాడు, అందువల్ల ఆయనతో ఏది చెప్పినా రెండుసార్లు చెప్పాలి. మూడో శ్రోతగా సిద్ధమ్మ తానే వచ్చి చాప మీద కూర్చుంది. పూజ చేసింది తనే కాబట్టి ఫలితం చూసే హక్కు తనదే అంది.

మరి తెర వెనక తీగలు మార్చేదెవరు? జగదేవిని దయానంద్ నమ్మడు, దయానంద్‌ను జగదేవి నమ్మదు. ఇద్దరూ సప్నను చూశారు.

"పిల్ల మాట్లాడదు. అదే మంచిది," అన్నాడు దయానంద్.

గదిలో అడ్డంగా బట్టల తాడు కట్టి చద్దరు వేశారు. ఇటువైపు మరమరాల సుస్లా పళ్లేలు, మిరపకాయ బజ్జీలు, ముగ్గురు శ్రోతలు. అటువైపు ఆంప్లిఫయర్, గోడ మీద ప్లగ్గు బోర్డు, రెండు కేబుళ్లు, సప్న.

మొదట పాత కేబుల్‌తో ఒక భజన పెట్టారు. అందరూ తల ఊపారు.

"ఇప్పుడు కొత్తది పెట్టు బిడ్డా!"

సప్న స్విచ్ ఆపి పాతది తీసింది. కొత్త కేబులు ఒక చివర ఆంప్లిఫయర్‌లోకి బాగానే వెళ్లింది. రెండో చివర పట్టుకుని బోర్డు దగ్గరికి తెచ్చి ఆగిపోయింది. ప్లగ్గు పిన్నులు చిటికెన వేలంత ఉన్నాయి. బోర్డు రంధ్రాలు శనగగింజంత ఉన్నాయి. నొక్కింది. ఇంకొంచెం నొక్కింది. అత్తర్ల దుకాణంలో ఎద్దు తల దూర్చడానికి చూసినట్టుంది గానీ, లోపలికి వెళ్లలేదు.

"అయ్యిందా?"

ఇప్పుడు చెప్పాలి. పట్టట్లేదు మామయ్యా, అంతే, రెండు మాటలు. కానీ ఆ రెండు మాటలూ గొంతు దాకా వచ్చి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. గది వచ్చేది ఎవరికి? సప్నకు. పందెం ఆగిపోయిందని చెప్పేది ఎవరు? సప్న. గది కోసం పిల్ల నాటకమాడుతుందని అనుకోరా? భీమ్‌రావ్ సార్ ముందు, మొగులప్ప ముందు!

"అయ్యిందా సప్నా?"

"ఊఁ," అంది సప్న. పాత కేబులే మళ్లీ పెట్టి స్విచ్ వేసింది.

అదే భజన మొదలైంది. ఒక్కరికి ఫరక్ తెలియకపోతే చాలు. సప్న చద్దరుకు చెవి ఆనించింది. ఫరక్ ఎలా తెలుస్తుంది, అదే కేబులు కదా!

"అబ్బబ్బబ్బ!" అన్నాడు భీమ్‌రావ్. "తబలా వాయించేటోడు ముక్కు ఎగబీల్చిండు. ఇన్నరా? ఇంతకుముందు ఇనవడలే."

మొగులప్ప మాస్టారి మొహం చూశాడు. ఊరూరా సౌండ్ పెట్టేవాడు తనకే తెలియలేదంటే ఇజ్జత్ ఏముంటుంది? "ముక్కేంది సార్, జమీన్ ఆస్మాన్ ఫరక్! అన్నా, పాట బాక్సుల్లోంచి వస్తలేదు. గోడ అవతలికెళ్లి వస్తాంది!"

సిద్ధమ్మ అందరి మొహాలూ చూసి రెండు చేతులూ జోడించింది. "నేను చెప్పలే? పూజ చేస్తే ఎందుకు పలకదు!"

ముగ్గురికి ముగ్గురు. సప్న చద్దరు వెనక నేల మీద కూలబడింది.

ఇంతటితో ఆగి ఉంటే కథ వేరుగా ఉండేది. గెలిచినవాడికి ఇంకోసారి గెలవాలనిపిస్తుంది. "మల్ల పాతది పెట్టు బిడ్డా, వీళ్లకు ఇంకా సాఫ్ తెలుస్తది!" అన్నాడు దయానంద్. సప్న స్విచ్ ఆపింది, రెండు నిమిషాలు ఊరికే కూర్చుంది, స్విచ్ వేసింది.

"ఛీ, ఛీ," అన్నాడు మొగులప్ప, "రేకు డబ్బాల గులకరాళ్లు పోసి ఊపినట్టుంది."

"ఇన్ని దినాలు ఇది ఎట్ల ఇన్నం సార్ మనం?" అని దయానంద్ నొచ్చుకున్నాడు.

"మల్ల కొత్తది!"

స్విచ్ ఆగింది, స్విచ్ పడింది.

"ఆహా! తేనె!"

ఆ తేనెలో అందరూ మునిగిపోయారు. మొగులప్ప ఫోన్ తీసి, వచ్చే పెళ్లిళ్ల సీజన్‌కు తన బాక్సులన్నిటికీ ఇవే కేబుళ్లు కావాలని ఎవరితోనో అరిచి చెప్పాడు. భీమ్‌రావ్ తన భజన మండలి వాళ్లకు ఫోన్ చేసి, పాత మైకు మీద పాడటం ఈ రోజుతో బంద్ అన్నాడు. దయానంద్ పాటల గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అందరు నాలుగు గంటలకు మా ఇంటికి రండ్రి. చెవులు కడుక్కొని రండ్రి." ఐదు నిమిషాల్లో పదకొండు మంది వస్తున్నామన్నారు.

"అరేయ్, నా చెవి మిషన్‌కు గూడ గసొంటి తీగే పెట్టియ్యి," అంది సిద్ధమ్మ.

"అమ్మా, ఆ మిషన్ యాడుంది?"

"బీరువల. బ్యాటరీ అయిపోయి ఆర్నెల్లయ్యె."

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న జగదేవి ఈ మాట విని నోరు తెరిచింది. కానీ జబాన్ ఇచ్చింది కాబట్టి మళ్లీ మూసింది. "సరే, నువ్వే గెలిచినవ్," అంది. ఆ గొంతు విని సప్నకు ఏడుపొచ్చింది.

"వదినా, ఒక్క కొబ్బరికాయ తేండ్రి," అన్నాడు మొగులప్ప. "తెర తీసి, కొట్టి, వీడియో తీద్దాం. గ్రూపుల పెట్టాలె."

అప్పటికి భజన ముగిసింది, సప్న చద్దరు వెనక బోర్డు దగ్గరికి జరిగింది. తెర తీస్తే అయిపోయింది. ఆఖరి ప్రయత్నంగా పాతది పీకేసి, లావు ప్లగ్గును రెండు చేతులా పట్టుకుని, కాళ్లు గోడకు తన్నిపెట్టి బోర్డులోకి పొడవసాగింది. సరిగ్గా అప్పుడే దయానంద్ చద్దరు లాగాడు.

మొగులప్ప ఫోన్ వీడియో తీస్తూనే ఉంది.

జగదేవి కొబ్బరికాయతో ముందుకు వచ్చి, వంగి ప్లగ్గు చూసింది. "ఏందయ్యా, రెండుసార్లు పెట్టి తీసిన ప్లగ్గేనా ఇది? పిన్నుల నడుమ పెట్టిన కుంకుమ అట్లనే ఉన్నదేంది? చివర్ల పసుపు మాత్రం జరా రాలింది."

అందరూ వంగి చూశారు. మూడు బొట్లూ ఎర్రగా, గుండ్రంగా ఉన్నాయి.

"సప్నా, ఇది ఏ సారి పెట్టినవ్?" అన్నాడు దయానంద్.

సప్న నేల చూసింది, స్పీకర్లు చూసింది, అత్తను చూసింది. ఆ ఇంట్లో తన మొదటి పొడుగు మాట చెప్పింది. "ఏ సారీ పెట్టలే మామయ్యా. ఇది పడ్తలేదు. రంధ్రాలు సన్నగున్నయి. అన్నిసార్లు పాతదే పెట్టిన. ఆఖర్ల అది గూడ పీకిన. చెప్దామంటే గది కోసం చెప్తున్న అనుకుంటరని."

భీమ్‌రావ్ చేతిలోని బజ్జీని పళ్లెంలో పెట్టాడు. మొగులప్ప వీడియో ఆపాడు. సిద్ధమ్మ మాత్రం ఇంకా చేతులు జోడించే ఉంది.

దయానంద్ కేబుల్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. జగదేవి నవ్వడానికి సిద్ధమైంది. అంతలో ఆయన మొహం మెల్లగా వెలగడం మొదలుపెట్టింది.

"అంటే," అన్నాడు, "ఇది పక్కన పడి ఉన్నది."

"ఉన్నది," అంది జగదేవి.

"పక్కన పడి ఉంటేనే ఇంత ఫరక్ వచ్చిందంటే, తగిలిస్తే ఎంత రావాలె!"

"నేను అదే అనబోతున్న!" అన్నాడు మొగులప్ప ప్రాణం లేచి వచ్చి.

"నాకు ముక్కు ఇనవడ్డది మాత్రం నిజం," అన్నాడు భీమ్‌రావ్, మళ్లీ బజ్జీ అందుకుంటూ. "షరతు ఏంది? ముగ్గురికి ఫరక్ తెలవాలె. తెలిసింది."

సప్న అత్తవైపు చూసింది. అత్త పోట్లాడుతుందని ఎదురుచూసింది. జగదేవి పోట్లాడలేదు. కొబ్బరికాయను చంకలో పెట్టుకుని, ఎన్నడూ లేనంత మెత్తగా అడిగింది.

"సరే, నువ్వే గెలిచినవ్. మరి ఈ ప్లగ్గు యాడ పెడ్తవ్?"

"కన్వర్టర్..." అని మొదలుపెట్టి దయానంద్ నాలుక కరుచుకున్నాడు.

"కాగితంల వద్దని రాసిండ్రంటివి గద. బోర్డు మారుస్తవా? మొగులన్నా, గీ గోడల తీగకు పెద్ద బోర్డు ఆగుతదా?"

మొగులప్ప బోర్డు మూత మీద వేలితో కొట్టి చూశాడు. ఈ ఒక్క విషయంలో ఆయనకు నిజంగా పని తెలుసు. "ఆగదు వదినా. సన్న తీగ. కాలుతది."

"ఇంట్ల లావు రంధ్రాలున్న బోర్డు ఒక్కటే ఉన్నది," అంది జగదేవి. "కరెంటు పొయ్యి కోసం నువ్వే పెట్టిస్తివి. మీటర్‌కెళ్లి సీదా లావు తీగ. నడుమ ఒక్క గంటు లేదు, అతుకు లేదు."

దయానంద్ కళ్లు పెద్దవయ్యాయి. "సీదా లావు తీగ," అన్నాడు గుసగుసగా. "నడుమ గంటు లేదు. అరే, ఇన్ని దినాలు నా దిమాకు యాడ వోయింది! పట్టు మొగులప్పా!"

అరగంటలో స్పీకర్లు, ఆంప్లిఫయర్, దాని బల్ల, ఆఖరికి చద్దరు కూడా వంటింట్లోకి వెళ్లిపోయాయి. ఒక స్పీకరు జొన్నల సంచి మీదికి ఎక్కింది. రెండోది మిక్సీ పక్కన, సప్న చాప ఉండే చోట నిలబడింది. లావు ప్లగ్గు పెద్ద బోర్డులోకి సులువుగా దిగింది. సిద్ధమ్మ దానికి మళ్లీ ఒక బొట్టు పెట్టింది.

నాలుగు గంటలకు పదకొండు మందీ వచ్చారు. వంటింట్లో గోడ పొడుగునా కూర్చున్నారు. జగదేవి వచ్చిన ఒక్కొక్కరి ముందూ ఒక పళ్లెం పెట్టి, అందులో దోసెడు వెల్లుల్లి పోసింది.

"చెవులకు పని ఉన్నది, చేతులకు లేదు గద అన్నా. జరా పొట్టు తీయుండ్రి. నేను మిక్సీ వేసేదాక వినుండ్రి."

ముందు గది ఖాళీగా ఉంది. సప్న తన చాప, పుస్తకాలు, వంటింట్లో మసిపట్టిన అట్టల నోట్సులు తెచ్చి కిటికీ కింద పరిచింది. రసాయన శాస్త్రం తెరిచి, అలవాటు ప్రకారం పైకి చదవడం మొదలుపెట్టింది. వెంటనే దయానంద్ వెల్లుల్లి వాసనతో గుమ్మంలోకి వచ్చాడు.

"బిడ్డా, జరా మెల్లగ. అక్కడ తబలాయన ముక్కు ఎగబీల్చే జాగ వస్తాంది. నీ చదువు అడ్డమొస్తే ఎట్ల?"

"ఊఁ," అంది సప్న.

ఆయనకు నమ్మకం కుదరలేదు. తలుపు దగ్గరికి లాగి, బయటినుంచి గట్టిగా మూసేశాడు.

అంత డబ్బు పోసి కొన్న కేబులు వృథా పోలేదు. దాని పుణ్యమా అని ఆ గదిలో శబ్దం నిజంగానే బాగుపడింది, ఏమీ వినబడలేదు.