జోగులు ఇంటి తొంభై నాలుగు

ధరణికి ఆ రోజు పదకొండు గంటలకు వీడియోలో ఇంటర్వ్యూ. టూరిస్టు బోట్లు నడిపే ఒక కంపెనీకి ఫీనిక్స్ బే రేవులో టికెట్ల కౌంటర్లో మనిషి కావాలట. డిగ్రీ అయి రెండేళ్ళుగా ఇంట్లో కూర్చున్న పిల్లకు వచ్చిన మొదటి పిలుపు అది. అందుకని ఆమె తండ్రి అచ్చిబాబు పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, వీధి వరండాలో కూర్చుని నెట్ స్పీడు కొలిచాడు. తొమ్మిది వచ్చింది. నెట్ కంపెనీవాళ్ళ కాగితం మీద ఉన్నది వంద.

ఫోన్ చేసి అడిగితే, "వంద అంటే వంద దాకా రావచ్చని సార్" అన్నారు వాళ్ళు.

సునామీలో పడవ పోయాక జంగ్లీఘాట్‌లో వలల దుకాణం పెట్టుకుని నిలదొక్కుకున్న మనిషి అచ్చిబాబు. తొమ్మిదికి బాధపడేవాడు కాదు. చెన్నై నుంచి సముద్రం అడుగున ఈ దీవికి కేబుల్ వచ్చి ఏడాదే అయింది. అంతకు ముందు ఒక్క ఫొటో తెరుచుకునేలోగా టీ తాగి వచ్చేవాడు. అతన్ని బాధపెడుతున్నది పక్కింటి కాంట్రాక్టరు జోగులు. సరిగ్గా ఆ సమయానికే జోగులు గేటు దగ్గరికి వచ్చి ఫోను ఎత్తి చూపించాడు.

"అచ్చిబాబు భయ్యా, ఇయ్యాల తొంభై నాలుగే వచ్చింది. క్యా కరే, కొంచెం డల్‌గా ఉంది. ధరణి బేటీని మా హాల్లో కూర్చోమను."

అచ్చిబాబు తన ఫోనును చటుక్కున జేబులో దాచేశాడు. "నా కూతురు నీ గడప తొక్కదు! నా ఇంట్లో నెట్ లేదనుకున్నావేటి?"

అని లోపలికి వచ్చాడు గానీ, తొంభై నాలుగు అతని వెంటే వచ్చింది. ఇడ్లీ తింటుంటే కూడా అదే. జోగులు కారు కొన్నప్పుడు ఓర్చుకున్నాడు, మేడ వేసినప్పుడు ఓర్చుకున్నాడు. ఇది మాత్రం మింగుడుపడలేదు. ఒకే వీధి, ఒకే సముద్రం. వాడికి తొంభై నాలుగేమిటి, తనకు తొమ్మిదేమిటి?

నాలుగో ఇడ్లీ దగ్గర కారణం తట్టింది. వాళ్ళ వీధిలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. జోగులు ఇల్లు మెయిన్ లైనుకు దగ్గర. అతను మోటారు పెట్టి లాగేసుకుంటే ఆ తరవాతున్న అచ్చిబాబు ఇంటికి చెంబుడు నీళ్ళు కూడా రావు. నెట్ కూడా లైనులో వచ్చేదే కదా! జోగులు దానికీ ఏదో మోటారు బిగించి ఉంటాడు.

పదిన్నరకు అచ్చిబాబు నిచ్చెన వేసుకుని గోడ మీంచి చూశాడు. జోగులు ఇంటి సన్‌షేడ్ మీదుగా నల్లటి వైరు ఒకటి పోతోంది. దొంగ లైను ఇదేనని తీర్మానించుకుని, వలలు కోసే కత్తితో ఒక్క కోత కోశాడు. ఆ వైరు చివరికి ఎవరింట్లోకి పోతోందో చూడాలన్న ఆలోచన అతనికి రాలేదు.

దిగివచ్చి మళ్ళీ కొలిచాడు. ఈసారి సున్నా. ఇంతలో జోగులు లుంగీ ఎగ్గట్టుకుని ఊడిపడ్డాడు.

"భయ్యా, నా నెట్ పోయింది! నా వైరు ఎవడో కోసేసినాడు!"

"నీది పోతే నాదెందుకు పోయింది?" అన్నాడు అచ్చిబాబు, దొరికిపోయానని కూడా తెలియక.

వంటింట్లోంచి కనకలక్ష్మి గరిటెతో సహా వచ్చింది. మొగుణ్ణీ, అతని చేతిలో కత్తినీ చూసింది.

"ఉన్నది ఒక్కటే నెట్టండీ. అది మనదే, మీరు కోసిన వైరూ మనదే. పక్కింటి గవరమ్మ వదిన నీళ్ళొచ్చిన రోజు నాకు రెండు డ్రమ్ములు ఇస్తాది. నేను పాస్‌వర్డ్ ఇచ్చాను. వాళ్ళ హాలుకి బాగా అందాలని నెట్ పెట్టె వంటింటి కిటికీలో పెట్టాను. మీ వరండాకి నాలుగు గోడలు అడ్డం మరి."

అచ్చిబాబు ఏనాడూ వంటింట్లోకి తొంగిచూసినవాడు కాదు. జోగులు ఏనాడూ నెట్ బిల్లు ఎందుకు రావడం లేదని అడిగినవాడు కాదు. ఇన్నాళ్ళూ తను కుళ్ళిపోయింది తన నెట్ మీదేనని అర్థమయ్యేసరికి అచ్చిబాబుకు ఏడుపొచ్చినంత పనైంది.

"నాన్నా, పావుగంటే ఉంది" అంది ధరణి.

ఆ చుట్టుపక్కల ఫోన్ సిగ్నల్ దొరికేది జోగులు మేడ మీదే. కుర్చీని అచ్చిబాబే మోసుకుని ఆ గడప దాటాడు. ధరణి నీళ్ళ ట్యాంకుకు ఫోను ఆనించి కూర్చుంది. అంతా సవ్యంగానే మొదలైంది. మెట్ల మీద మాత్రం పంచాయితీ ఆగలేదు.

"నా నెట్ వాడుకుని నాకే చూపిస్తావా?"

"నా నీళ్ళతో స్నానం చేసి నా మీదే అరుస్తావా?"

ఫోన్లోని మేడమ్ మాట ఆపి, అక్కడేమిటా గొడవ అని హిందీలో అడిగింది. ధరణికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. లేచి మెట్ల వైపు తిరిగి, అప్పుడే కౌంటర్లో కూర్చున్నదానిలా అంది.

"సర్, దయచేసి ఇద్దరూ లైన్‌లోకి రండి. ఒకరి తరవాత ఒకరు చెప్పండి. వింటాను."

ఓడ టికెట్ల కోసం జీవితమంతా లైన్లలో నిలబడ్డ మనుషులు. నోళ్ళు మూతపడి, కాళ్ళు వాటంతటవే ఒకరి వెనక ఒకరిని నిలబెట్టాయి. ముందు జోగులున్నాడని అచ్చిబాబు కాస్త గొణిగాడు, అంతే.

ఫోన్లో మేడమ్ నవ్వింది. "సముద్రం బాగాలేక బోట్లు రద్దయిన రోజు రెండు వందల మంది ఇలాగే మీద పడతారు. సోమవారం నుంచి రాగలవా?"

పౌరుషం కొద్దీ జోగులు ఆ వారంలోనే రెండు వందల స్పీడు ప్లానుతో సొంత నెట్ పెట్టించుకున్నాడు. దాంతో కనకలక్ష్మికి నీళ్ళ డ్రమ్ములు ఆగిపోయాయి. ఆమె మొగుడితో మాట్లాడడం మానేసింది. కొత్త నెట్‌లో జోగులుకు ఎనిమిది వచ్చిందన్న కబురు శనివారం పొద్దున అచ్చిబాబు చెవిన పడింది.

మధ్యాహ్నానికల్లా అతను వీధంతా లడ్డూలు పంచాడు. కూతురి ఉద్యోగానికనే అందరూ అనుకున్నారు.