డ్రైవరు లేని బస్సుకి గురువుగారు

"వచ్చే ఏడాదికల్లా ఈ నగరంలో డ్రైవరు అనే మాట డిక్షనరీలో తప్ప ఇంకెక్కడా కనబడదు!" అని రవాణా శాఖ మంత్రిగారు మైదానంలో ప్రకటించగానే చప్పట్లు మారుమోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాళ్ళు ముందు వరసల్లో కూర్చున్న డ్రైవర్లు. సభకి జనం తక్కువయ్యారని వాళ్ళని డ్యూటీ వేసి మరీ పంపించారు. చప్పట్లు కూడా డ్యూటీలో భాగమే కాబట్టి ఎవరూ లోపం చెయ్యలేదు. సభ అయ్యాక ఆ డ్రైవర్లే మిగతా జనాన్ని బస్సుల్లో ఎక్కించుకుని ఇళ్ళకి చేర్చారు.

మంత్రిగారిది గొప్ప దూరదృష్టి. దగ్గరివి చదవాలంటేనే ఆయనకి కళ్ళద్దాలు కావాలి.

ఆ ప్రకటన విని అందరికంటే ఎక్కువ సంతోషించిన మనిషి డిపో మేనేజరుగారు. ఆయన చాలా ఏళ్ళుగా హెడ్డాఫీసులో కుర్చీ కోసం ఎదురుచూస్తున్నారు. డ్రైవరు లేకుండా నడిచే కొత్త బస్సు విజయవంతమైతే, దానికి తోడ్పడిన మేనేజరుని మంత్రిగారే స్వయంగా పైకి తీసుకుంటారని డైరెక్టరుగారు ఆయన చెవిలో వేశారు. అది మేనేజరుగారి చెవిలోంచి ఇంట్లో ఆవిడ చెవికి చేరింది. వాళ్ళ క్వార్టరు డిపో వెనకాల ఉంది. కిటికీ తెరిస్తే డీజిలు పొగ, మూస్తే ఉక్కపోత. ఆవిడ మర్నాడే హెడ్డాఫీసు క్వార్టర్సుకి వెళ్ళి, ఎవరిదో ఇల్లు చూసే వంకతో కిటికీల కొలతలు తీసుకుని, లేత ఆకుపచ్చ కర్టెన్లు కుట్టించేసింది.

"ఇంకా ఆర్డరు రాలేదే," అన్నారు మేనేజరుగారు.

"వచ్చాక కుట్టిస్తే టైలరు ఆలస్యం చేస్తాడండీ," అంది ఆవిడ. ముందుచూపు విషయంలో ఆవిడా మంత్రిగారూ ఒక్కటే.

త్వరలోనే హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. కొత్త బస్సుకి మెదడు ఉందిట గాని, అందులో ఇంకా ఏమీ లేదుట. ఒక డ్రైవరు దాన్ని కొన్నాళ్ళు నడిపితే అది చూసి నేర్చుకుంటుంది. కాబట్టి మీ డిపోలో అత్యుత్తమ డ్రైవరుని ట్రైనింగు షెడ్డుకి పంపించండి అని.

ఇక్కడ డిపోల పద్ధతి ఒకటి చెప్పాలి. ట్రైనింగుకి మనిషిని పంపమని పైనుంచి ఎప్పుడు అడిగినా, ఎవరు లేకపోతే పని ఆగదో వాళ్ళని పంపడం ఆనవాయితీ. కంప్యూటరు ట్రైనింగుకి గేటు దగ్గర కునికే వాచ్‌మన్ వెళ్ళొచ్చాడు. మంటలార్పే ట్రైనింగుకి పొగంటే ఉబ్బసం వచ్చే గుమాస్తా వెళ్ళొచ్చాడు. డిపో మాత్రం ఏనాడూ కుంటుపడలేదు.

అత్యుత్తమ డ్రైవరు డిపోలో ఉన్నాడు. అతన్ని అందరూ జెట్టు అంటారు. జెట్టుని వదిలితే ఎక్స్‌ప్రెస్ సర్వీసు గతేం కాను? అందుకని మేనేజరుగారు నిదానాన్ని పిలిపించారు.

నిదానం అసలు పేరేమిటో అతని జీతం కట్టే గుమాస్తాకే తెలియాలి. కుక్క అడ్డొస్తే ఆగుతాడు. కుక్క రాబోతోందనిపించినా ఆగుతాడు. వీధి చివర ఎవరో బస్సు కోసం పరిగెత్తుతుంటే, వాళ్ళు వచ్చి, ఎక్కి, కూర్చుని, ఊపిరి తీసుకునేదాకా బండి కదిలించడు. అతని సర్వీసులో ప్రమాదం అన్నది లేదు. వేళకి చేరడం అన్నది కూడా లేదు.

"బస్సుకి గురువువి నువ్వేనయ్యా," అన్నారు మేనేజరుగారు.

"నేనా సార్? జెట్టు ఉండగా?"

"జెట్టుకి ఓపిక లేదు. నీలాంటివాడు దొరకడం కష్టం."

డిపోలో వీడ్కోలు సభ పెట్టారు. నిదానానికి పూలగుత్తి ఇచ్చారు. మేనేజరుగారు మైకు పట్టుకుని, "ఇలాంటి మనిషిని వదులుకోవడం మాకు తీరని లోటు. అయినా సంస్థ భవిష్యత్తు కోసం గుండె రాయి చేసుకుని పంపిస్తున్నాం," అన్నారు. చివరి మాట దగ్గర ఆయన గొంతు జీరబోయింది కూడా. నిదానం కళ్ళు తుడుచుకున్నాడు. జెట్టు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు.

నెల తిరిగాక మేనేజరుగారు ట్రైనింగు ఎలా సాగుతోందో చూడటానికి షెడ్డుకి వెళ్ళారు. ఊరి చివర, పాత బస్సుల్ని తుక్కుగా కోసే చోట, రేకుల షెడ్డు. కిటికీలు లేవు. పగలే లైట్లు వేసుకోవాలి. ఇలాంటి చోట మనిషనేవాడు పనిచేస్తాడా అనుకున్నారు, అక్కడ పనిచేసేది తాను కాదన్న తృప్తితో.

బస్సు మాత్రం అద్దంలా ఉంది. చుట్టూ కెమెరాలు, నెత్తిన గిర్రున తిరిగే డబ్బా. దాని పక్కన ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంజనీరమ్మ నిలబడి ఉంది.

"ఈయన ఎలా నడిపితే బస్సు అలాగే నడుస్తుందండీ," అంది ఆ అమ్మాయి. "ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, అన్నీ ఈయన్ని చూసే నేర్చుకుంటోంది."

"అన్నీనా? మనిషన్నాక కొన్ని అలవాట్లుంటాయి కదమ్మా."

"ఏది అలవాటో ఏది పనితనమో దానికి తెలీదండీ. చేసింది చేస్తుంది."

మేనేజరుగారు నిదానం వైపు తిరిగారు. "సరిగ్గా నేర్పుతున్నావా?"

"మీరు నాకు నేర్పినవన్నీ నేర్పుతున్నా సార్. కాన్వాయ్ సంగతి కూడా."

మేనేజరుగారికి గుర్తొచ్చింది. ఒకసారి మంత్రిగారి కాన్వాయ్‌కి దారివ్వడంలో కాస్త ఆలస్యమైందని నిదానాన్ని ఆయనే సస్పెండ్ చేశారు. "సైరన్ వినబడితే బండి పక్కకి తియ్యి, ఇంజను ఆపు, ఆఖరి కారు కనుమరుగయ్యేదాకా కదిలావో చూడు!" అని డిపో అంతటి ముందూ కేకలేశారు. అప్పట్నుంచి సైరన్ వినబడితే నిదానం రాయిలా బిగుసుకుపోతాడు. ఈ క్రమశిక్షణ ఇప్పుడు ఒక యంత్రానికి కూడా అబ్బిందన్నమాట. తన చలవే కదా అని మేనేజరుగారి ఛాతీ కొంచెం ఉబ్బింది.

మామూలు జనంతో తిప్పి చూస్తే బస్సు బాగానే నడిచింది. నిజం చెప్పాలంటే చాలామందికి నచ్చింది. చేతికర్రతో వచ్చే ముసలావిడ కోసం ఆగేది. సంచీలతో పరిగెత్తుకొచ్చే ఇల్లాలి కోసం ఆగేది. ఎవర్నీ కసిరేది కాదు. ఆలస్యంగా వస్తోందని పత్రికలు రాస్తే, "భద్రత వేగాన్ని జయించింది" అని మంత్రిగారు ప్రకటన ఇచ్చారు.

ప్రారంభోత్సవానికి ముందు ఆయన బస్సుని పరిశీలించి ఒకే ఒక్క మార్పు సూచించారు.

"స్టీరింగ్ ఎందుకుంది?"

"ఎమర్జెన్సీకి సార్," అంది ఇంజనీరమ్మ.

"అది కనబడితే ఎవరో నడిపారంటుంది ప్రతిపక్షం. పీకెయ్యండి. సీటు మాత్రం ఉంచండి, ఫొటోలో ఖాళీగా కనబడాలి."

పీకేశారు. అత్యవసరంగా ఆపడానికి ఒక ఎర్ర మీట మిగిలింది. ఆగిన బస్సుని కదిలించడానికి మీట కావాలని ఎవరికీ తోచలేదు.

ఆ రోజు వచ్చింది. రిబ్బను కత్తిరించి మంత్రిగారు బస్సెక్కారు. వెంట డైరెక్టరుగారు, మేనేజరుగారు, ఇంజనీరమ్మ, ఇద్దరు కెమెరామెన్. నిదానం దరిదాపుల్లో కనబడితే బాగుండదని అతన్ని షెడ్డులోనే ఉండమన్నారు. బస్సు మెత్తగా కదిలింది. మంత్రిగారు ఖాళీ సీటు పక్కన నిలబడి విజయ చిహ్నంగా రెండు వేళ్ళు చూపిస్తుంటే కెమెరాలు క్లిక్కుమన్నాయి. ఇంకా రెండు మలుపులు తిరిగితే స్టేడియం. అక్కడ వేదిక, బ్యాండు, జనం సిద్ధంగా ఉన్నారు. మేనేజరుగారు మనసులో ఆకుపచ్చ కర్టెన్లు కట్టేశారు.

సరిగ్గా అప్పుడు, వెనకాల కాస్త దూరంగా వస్తున్న మంత్రిగారి కాన్వాయ్, దారి ఖాళీగానే ఉన్నా అలవాటుకొద్దీ సైరన్ మోగించింది.

బస్సు పక్కకి తీసింది. ఆగింది. ఇంజను ఆపేసింది. లైట్లు కూడా తగ్గించింది.

"ఎవరు వస్తున్నారు?" అన్నారు మంత్రిగారు.

"మీరే సార్," అంది ఇంజనీరమ్మ.

మంత్రిగారు మురిసిపోయారు. "చూశారా, యంత్రానికి కూడా మర్యాద తెలిసింది! మనుషులకి లేదు గాని," అంటూ కెమెరా వైపు తిరిగారు. కాన్వాయ్ వచ్చి బస్సు వెనకాలే ఆగింది. ఆగదా మరి, మంత్రిగారు బస్సులో ఉన్నారాయె.

బస్సు కాన్వాయ్ వెళ్ళడం కోసం చూస్తోంది. కాన్వాయ్ బస్సు వెళ్ళడం కోసం చూస్తోంది. కాసేపు రెండూ ఒకదాన్నొకటి గౌరవించుకున్నాయి.

"వాళ్ళని ముందుకు పొమ్మనండి," అన్నారు మంత్రిగారు, చెమట తుడుచుకుంటూ. ఇంజను ఆగితే ఏసీ కూడా ఆగుతుంది.

డైరెక్టరుగారు కిటికీలోంచి సెక్యూరిటీ ఆఫీసరుకి చెప్పారు. "మంత్రిగారిని వదిలి కాన్వాయ్ కదలకూడదండీ. రూలు," అన్నాడతను.

"మంత్రిగారే చెబుతున్నారయ్యా!"

"ఆయన్ని వదిలేసి పొమ్మని ఆయనే చెప్పినా వినకూడదని కూడా రూలండీ. బెదిరించి చెప్పిస్తున్నారేమో మాకేం తెలుసు?"

"తలుపు తెరవండి, దిగిపోతాను!" అన్నారు మంత్రిగారు. ఇంజనీరమ్మ తల అడ్డంగా ఊపింది. స్టాపులో తప్ప నడిరోడ్డు మీద నిదానం ఏనాడూ తలుపు తెరిచినవాడు కాదు. మేనేజరుగారు షెడ్డుకి ఫోను చేశారు.

"ఏమయ్యా నిదానం, వెనకాల కాన్వాయ్ ఉందనుకో. నువ్వైతే ఏం చేస్తావు?"

"ఆగుతా సార్. మీరు చెప్పిందేగా."

"అది వెళ్ళకపోతే?"

"ఎందుకు వెళ్ళదు సార్? దానికి ట్రాఫిక్ ఉండదుగా."

"వెళ్ళలేదయ్యా! వెళ్ళకపోతే ఏం చేస్తావో చెప్పు!"

"సస్పెండ్ చెయ్యరు కదా సార్?" అన్నాడు నిదానం. మేనేజరుగారు ఫోను పెట్టేశారు.

ఆఖరికి అత్యవసర కిటికీ అద్దం తీశారు. మేనేజరుగారు వంగితే ఆయన వీపు మీద కాలు పెట్టి మంత్రిగారు కిటికీ ఎక్కారు. అవతల సెక్యూరిటీవాళ్ళు అందుకున్నారు. కెమెరాలు కిందికి దించమని డైరెక్టరుగారు కెమెరామెన్‌ని బతిమాలి, వాళ్ళతోపాటు తానూ దూకారు. వంగిన మేనేజరుగారి నడుం పట్టేయడంతో ఆయన, ల్యాప్‌టాప్ వదల్లేక ఇంజనీరమ్మ, ఇద్దరూ బస్సులోనే ఉండిపోయారు. కాన్వాయ్ సైరన్ మోగించుకుంటూ వెళ్ళిపోయింది. ఆఖరి కారు కనుమరుగైంది.

బస్సు లైట్లు వెలిగాయి. ఇంజను మొదలైంది. మెత్తగా కదిలింది.

"అయిపోయిందమ్మా నా ప్రమోషను," అన్నారు మేనేజరుగారు, నడుం పట్టుకుని.

బస్సు స్టేడియం చేరేసరికి మంత్రిగారు వేదిక మీదుండి బస్సుకి స్వాగతం చెబుతున్నారు. "డ్రైవరు లేకుండా నడిచే బస్సులు ఇతర దేశాల్లో ఉన్నాయి. మంత్రి లేకుండా కూడా నడిచే బస్సు మన దగ్గరే ఉంది! అది నిరూపించాలనే నేను మధ్యలో దిగాను," అన్నారు. బ్యాండు మోగింది. ఆహ్వాన సంఘం ఆవిడ పూలగుత్తితో బస్సెక్కి, ఎవరికివ్వాలో తెలియక, ఖాళీ సీటులో పెట్టి నమస్కరించింది. జనం చప్పట్లు కొట్టారు. డ్రైవర్లు ముందు వరసల్లోనే ఉన్నారు.

మంత్రిగారు మేనేజరుగారిని వేదిక మీదికి పిలిచి భుజం తట్టారు. "ఈ బస్సుకి గురువుని ఎంపిక చేసింది ఈయనే! ఈయన్ని ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచండి," అని డైరెక్టరుగారితో మైకులోనే అన్నారు. మేనేజరుగారికి నడుం నొప్పి మాయమైంది. జనంలో తన ఇంటావిడ ఎక్కడుందో వెతికి చూశారు. ఆవిడ అప్పటికే పక్కావిడతో కర్టెన్ల రంగు గురించి చెబుతోంది.

డైరెక్టరుగారు మైకు అందుకున్నారు. చొక్కా మీద కిటికీ మసి ఇంకా ఉంది.

"మేనేజరుగారిని ఈ రోజు నుంచి ట్రైనింగు విభాగానికి పంపిస్తున్నాం," అన్నారు. "ఇలాంటి మనిషిని వదులుకోవడం మాకు తీరని లోటు. అయినా సంస్థ భవిష్యత్తు కోసం..." అని ఆగి, గొంతు సవరించుకున్నారు.

ముందు వరసలో జెట్టు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

మేనేజరుగారి జేబులో ఫోను మోగింది. టీవీలో చూసి వెంటనే చేసినట్టున్నాడు నిదానం.

"రండి సార్, రండి! మీకోసం కుర్చీ తుడిచి ఉంచా. లైటు పక్కనే వేశాను," అన్నాడు. "సామానేమైనా తెస్తారా సార్?"

మేనేజరుగారు ఆవిడ వైపు చూశారు. ఆవిడ రెండు చేతులూ బారజాపి, కిటికీ ఎంత వెడల్పో పక్కావిడకి చూపిస్తోంది.