నాలుగో కబురు

ఆదివారం పొద్దున్నే అద్దాలాయన పెట్టుకున్న పని ఒక్కటే. గ్రూపులో నాలుగు కబుర్లు పెట్టి, ఆ తర్వాత స్టూలెక్కి హాల్లో ఫ్యాను తుడవడం. నిజానికి ఫ్యాను తుడవడం ఆయన భార్య వేసిన ప్రణాళిక. కబుర్లు మాత్రం పూర్తిగా ఆయన సొంతం.

ఆయన పని కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం. వారమంతా ఇతరులకు చూపు సరిచేసి, ఆదివారం ఇంటర్నెట్‌లో తాను చూసిన వింతలు మూడు, తన ఇంటి విశేషం ఒకటి ఏరి, చుట్టాల గ్రూపులో పెడతాడు. ఎవరూ చదవరు. అక్క మొగుడు మాత్రం పెట్టిన క్షణంలోనే బొటనవేలు బొమ్మ వేస్తాడు. అంత వేగంగా చదవగల మనిషి భూమ్మీద లేడని ఆయనకు తెలుసు. అయినా చెవిటివాడి ముందు శంఖం ఊదే అలవాటు ఒకసారి పట్టుకుంటే వదలదు.

ఈ వారం మాత్రం ఎవరూ చదవకపోవడమే ఆయనకు కావాలి. ఎందుకంటే నాలుగో కబురు ఇది: "వచ్చే ఒకటో తారీఖు నుంచి నేను కొత్త షాపులో చేరుతున్నాను. బావగారి దగ్గర నేర్చుకున్న పని మరవను." పదిహేనేళ్ళుగా ఆయన పనిచేస్తున్న షాపు ఆ బావగారిదే. ముఖం మీద చెప్పే ధైర్యం లేదు. గ్రూపులో పెట్టేస్తే చెప్పినట్టూ ఉంటుంది, విననట్టూ ఉంటుంది. రేపు అడిగితే, "ఆదివారమే చెప్పానుగా" అనవచ్చు.

మొదటి కబురు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాడు. అది ఒక చెరువులోని హంసల జంట వీడియో. ముందు "హంసల కథ" అని శీర్షిక పెట్టాడు. కథ ముందే తెలిసిపోతే వీడియో ఎవడు చూస్తాడని, రచయిత బుద్ధితో ఆ శీర్షిక కొట్టేశాడు. మిగిలింది ఇది: "ఇన్నేళ్ళ కాపురం. ఆవిడ ఈయన్ని వదిలేసి, ఓ కుర్రవాడి వెంట వెళ్ళిపోయింది. పాపం, తిండి కూడా మానేసి నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు." దాని కింద లింకు. ఆ కింద మిగతా మూడూ.

ఫోనులో అంత పొడుగు కబురు మొత్తం కనిపించదు. మొదటి మూడు వాక్యాలు చూపించి, "ఇంకా చదవండి" అంటుంది. ఆ కుటుంబంలో దాన్ని నొక్కిన దాఖలాలు లేవు. బావగారి బొటనవేలు వెంటనే పడింది. కాసేపటికి, ఎందుకో, వెనక్కి పోయింది.

అద్దాలాయన అది చూడలేదు. ఫోను ఛార్జింగుకు పెట్టి స్టూలెక్కాడు.

రెండో రెక్క తుడుస్తుండగా తలుపు దబదబా మోగింది. తీస్తే అక్క, బావగారు. అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎంత పనైందిరా! ముందు నాకు ఒక్క మాట చెప్పకూడదూ?"

అద్దాలాయన తుడుపు గుడ్డ వెనక దాచుకున్నాడు. అన్ని వారాలు వదిలేసి, ఈ వారమే నాలుగో కబురు దాకా చదివారన్నమాట!

"ఎలా చెప్పనక్కా? బావగారి ముఖం చూసి చెప్పడానికి నోరు రాలేదు."

"నా దగ్గర మొహమాటమేమిటోయ్?" బావగారు భుజం మీద చెయ్యి వేశారు. "ఇలాంటివి అందరి జీవితాల్లోనూ జరుగుతాయి."

"మీకు కోపం రాలేదా?"

"నీ మీద కోపమెందుకు? ఇందులో నీ తప్పేముంది?"

అద్దాలాయన కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి మనిషికా ఇన్నాళ్ళూ భయపడింది! ఆ మంచితనం ముందు మనసు విప్పేశాడు.

"నేనూ ఓపిక పట్టాను బావగారూ. చివరి రెండేళ్ళూ ఒక్క మెచ్చుకోలు లేదు. ఏది ఎక్కడ పెట్టినా తప్పే. నవ్వితే నవ్వావంటారు, నవ్వకపోతే ముఖం మాడ్చావంటారు. వట్టి చాదస్తం."

"అలాంటి మనిషితో ఎవరైనా ఎలా వేగుతారు!" అన్నారు బావగారు, నిజంగా చలించిపోయి.

తనను తాను ఇంత నిష్పక్షపాతంగా చూసుకోగల యజమాని ఉంటాడని అద్దాలాయన కలలో కూడా అనుకోలేదు.

"ఇప్పుడెలా బతుకుతావురా?" అంది అక్క, ముక్కు చీదుతూ.

"ఏం ఫర్వాలేదక్కా. కొత్తది చూసుకున్నాగా."

అక్క ఏడుపు ఠక్కున ఆగిపోయింది. "అప్పుడేనా?"

"రెండు నెలలైంది. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. పైకి చూస్తే పెద్దగా ఆనదు గానీ, లోపల శుభ్రంగా ఉంటుంది."

బావగారు చెయ్యి మెల్లిగా భుజం మీంచి తీసేశారు.

"ఇది మరదలికి తెలుసా?" అంది అక్క, గోడ పట్టుకుని.

"తెలియకపోవడమేమిటి? తనే చూసి పెట్టింది."

అక్క స్టూలు మీద కూలబడింది. "మంచినీళ్ళు" అంది. తెచ్చిస్తే తాగలేదు. గ్లాసులోకి చూస్తూ, "వీళ్ళిద్దరూ కలిసి మాట్లాడుకునే చేసుకున్నారండీ" అంది మొగుడితో. "అనవసరంగా ఆ పిల్లాణ్ణి పంపించాను."

"ఏ పిల్లాణ్ణి?" అన్నాడు అద్దాలాయన.

ఆ పిల్లాడు మరెవరో కాదు, అద్దాలాయన బావమరిది, అంటే భార్య తమ్ముడు. ముప్ఫై దాటినా అక్కకు వాడు పిల్లాడే. మరదలి ఫోను మోగక, అక్క వాడికి ఫోను చేసింది. అద్దాలాయన భార్య కారు నడపడం నేర్పే టీచరు. పాఠం చెప్పేటప్పుడు ఫోను కట్టేస్తుంది. ఆదివారం పాఠాలు ఉండవు గానీ, మర్నాడు లైసెన్సు పరీక్షకు వెళ్ళే కుర్రవాడొకడు బతిమాలితే ఒప్పుకుంది. ఇవేవీ తెలియని బావమరిది మోటారు సైకిలు వేసుకుని వెతకడానికి బయల్దేరాడు. రెండో సందు మలుపులోనే కనిపించారు. స్టీరింగు దగ్గర కుర్రవాడు, పక్కన తన అక్క.

ఆ తర్వాత ఏమైందో చెప్పడానికి ముగ్గురూ ఒకేసారి గుమ్మంలోకి వచ్చారు. బావమరిది చొక్కా జేబు వేలాడుతోంది. కుర్రవాడి జుట్టు నిండా పూలమొక్కల ఆకులు.

"ఏవండీ," అంది అద్దాలాయన భార్య. ఆ గొంతు వింటే ఎర్ర లైటు దగ్గర ఆగనివాడు కూడా ఆగుతాడు. "నేను ఎవరితో లేచిపోయానో మీకేమైనా తెలుసా? వీణ్ణి దారి పొడుగునా అడుగుతున్నాను, చెప్పడం లేదు."

"బావే రాశాడక్కా!" అన్నాడు బావమరిది. "నేను అరిచేసరికి ఈ కుర్రాడు బ్రేకు బదులు ఇంకోటి తొక్కాడు. కారు ఎవరిదో తోటలోకి దూరింది."

"రేపు నా పరీక్ష ఉంటుందాండీ?" అన్నాడు కుర్రవాడు.

అద్దాలాయన భార్య ఛార్జింగులో ఉన్న ఫోను లాగి, "ఇంకా చదవండి" నొక్కి, లింకు నొక్కింది. అందరూ మెడలు చాచారు. తెల్లటి హంస ఒకటి నీళ్ళకేసి చూస్తూ తేలుతోంది.

"ఇదా!" అంది అక్క. ముందు నవ్విందీ తనే. "పాపం, తిండి మానేశాడని చదివి నేను రెండు గిన్నెలు సర్దుకొచ్చానురా!" ఇల్లంతా నవ్వులు. కుర్రవాడు కూడా ఆకులు దులుపుకుంటూ నవ్వాడు. అద్దాలాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. నాలుగో కబురు ఎవరూ చదవలేదు! గండం గడిచింది!

నవ్వుతూ నవ్వుతూ బావగారు ఆగారు.

"అది సరేనోయ్. మరి ఆ చాదస్తం మనిషెవరు? ఆ కొత్తదేమిటి?"

నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అద్దాలాయన ఫ్యానుకేసి చూశాడు. సగం తుడిచిన ఫ్యాను ఏ సాయమూ చేయలేదు. భార్య ఫోను మీద వేలు పైకి జరిపి, మర్నాడు పరీక్ష ఉన్నవాడికి పాఠం చెప్పినంత స్పష్టంగా నాలుగో కబురు చదివేసింది.

బావగారి ముఖం ఎర్రబడింది. తర్వాత తెల్లబడింది. అద్దాలాయన కళ్ళు మూసుకున్నాడు. తిడతారా? ఏడుస్తారా? పదిహేనేళ్ళ బంధం కదా, బతిమాలితే మాత్రం ఏమనాలి? ఇంకో ఏడాది ఉంటాననాలా?

"హమ్మయ్య!" అన్నారు బావగారు.

అద్దాలాయన కళ్ళు తెరిచాడు.

"అద్దాలు దానంతటదే కోసి, అరగదీసే యంత్రానికి ఆర్డరు ఇచ్చానోయ్. వచ్చే నెల దిగుతుంది. నీకెలా చెప్పాలో తెలియక నిద్ర పట్టడం లేదనుకో. మీ అక్కను చెప్పమంటే నా వల్ల కాదంది."

"తమ్ముడి పొట్ట మీద కొట్టే మాట నేనెలా చెప్తాను?" అంది అక్క, ఎంతో ఊరటగా. "ఇప్పుడు తనే వెళ్తానంటున్నాడుగా. గిన్నెలు తెరవనా?"

బావగారు రెండు చేతులతో కౌగిలించుకున్నారు. భార్య కంచాలు తీసింది. బావమరిది భుజం తట్టాడు. కుర్రవాడు ఎందుకో తెలియకుండానే అభినందనలు చెప్పాడు. అద్దాలాయన అందరికీ తలూపాడు. వద్దని ఒక్కరూ అడ్డుపడని రాజీనామా ఇంత చప్పగా ఉంటుందని ఇంటర్నెట్‌లో ఎక్కడా రాసి లేదు.