రైలు చేతికి దిగని విమానం

చిజురు భర్త కునిహికోకు తాగుడు లేదు, జూదం లేదు. ఉంటే బాగుండేది. సాయంత్రం పూటైనా ఇల్లు ఖాళీగా ఉండేది.

హిమేజిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు రైలు నడిపి రిటైరైన మనిషి. ఆయన రైలు దిగాడు గాని, రైలు ఆయనలోంచి దిగలేదు. డ్రైవర్లు సిగ్నల్ వైపు వేలు చాచి, పైకి చెప్పి, "యోషి!" అనుకోవడం రైలు నియమం. అంతా సరిగ్గా ఉందని అర్థం. ఈయన ఇంట్లో తువ్వాలు చూసి కూడా అంటాడు. "గ్యాసు కట్టేశాం, యోషి! చెప్పులు జతగా ఉన్నాయి, యోషి!" వీధిలో అందరూ ఆయన్ని యోషి గారనే పిలుస్తారు. అసలు పేరు పోస్టుమాన్‌కీ చిజురుకీ మాత్రమే గుర్తుంది.

అలాంటి మనిషి ఉన్నట్టుండి విమానం కట్టడం మొదలుపెట్టాడు. పరుపులు పెట్టుకునే అలమరలో.

కూతురు సాయోకో ఇషిగాకి దీవిలో కాపురం ఉంటోంది. అక్కడికి రైలు పోదు. పిల్ల కడుపుతో ఉందని ఫోను వచ్చిన వారమే ఈయన కంప్యూటర్లో విమానం నడిపే ఆట ఒకటి తెచ్చాడు. దానికి నిజం విమానంలో ఉండేలాంటి మీటలు తానే తయారు చేస్తానన్నాడు.

"ఇప్పుడిదంతా ఎందుకండీ?"

"ఎక్కబోయే బండి ఎలా నడుస్తుందో తెలియకుండా ఎక్కుతానా? ముందు నేను దించి చూపిస్తాను. దించిన వారంలోనే ఇషిగాకి ప్రయాణం."

మాట న్యాయంగానే ఉంది. చిజురుకి అనుమానం వచ్చింది అందుకే.

కుట్టుమిషను పెడలు విమానం చుక్కాని అయింది. ముల్లంగి తురిమే కోరాం, చక్రాలు దించే పిడి అయింది. వేగం పెంచే మీట కోసం ఒక చెక్కపెట్టెకు అన్నం హస్తం బిగించాడు.

"ఏమండీ, అన్నం హస్తమేదీ?"

"ఇంజన్లో ఉంది."

"మరి అన్నం దేంతో వడ్డించను?"

"చెంచాతో. అత్యవసర విధానం."

ఆట ఎప్పుడూ ఆకాశంలోనే మొదలుపెట్టేవాడు, దిగడం ఒక్కటే సాధన చేయాలని. రన్‌వే దగ్గరపడేదాకా అంతా బాగానే ఉండేది. సరిగ్గా నేల తాకబోతుండగా విమానం పెద్దగా గర్జించి, పైకి లేచి, విమానాశ్రయం దాటి సముద్రంలో పడేది. నలభై ఆరుసార్లు పడింది.

"నువ్వు దుమ్ము దులిపావు కదూ?"

"నేను దులిపితే విమానం సముద్రంలో పడుతుందా?"

"సున్నితమైన యంత్రం మరి."

"అంత సున్నితమైతే అది నిన్నటిదాకా ముల్లంగి ఎలా కోరిందండీ?"

"లోపం నాలో లేదు. విమానంలో ఉంది," అని తేల్చేశాడు కునిహికో.

ఇంతలో మనవరాలు పుట్టింది. సాయోకో ఫోను చేసింది. "అమ్మా, నెల నిండగానే పాపను గుడికి తీసుకెళ్ళాలి. వచ్చే గురువారం. మా అత్తగారు లేరు కదా, నువ్వే ఎత్తుకోవాలి. నాన్న పక్కనుండాలి."

చిజురు ఒక్కతే వెళ్ళగలదు. కాని కూతురి పెళ్ళీ ఆ దీవిలోనే జరిగింది. సరిగ్గా ఆ వారం ఈయనకు నడుం పట్టేసింది. పెళ్ళి ఫొటోలో తండ్రి నిలబడాల్సిన చోట ఒక పూలకుండీ ఉంది. మనవరాలి పక్కన కూడా పూలకుండీని నిలబెట్టడం చిజురుకి ఇష్టం లేదు.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకు ఆయన పార్కులో రేడియో పెట్టుకుని అందరూ కలిసి చేసే వ్యాయామానికి వెళ్ళగానే, చిజురు అలమర ముందు కూర్చుంది. పక్కన ఆయన నోటుపుస్తకం ఉంది. హస్తం ముందుకు తోస్తే వేగం, వెనక్కి లాగితే నిదానం. జీవితంలో సైకిలు తప్ప ఏదీ నడపని మనిషి మూడోసారికి విమానం దించేసింది.

దించి, అన్నం హస్తం వైపు చూస్తూ ఉండిపోయింది.

పెళ్ళయిన కొత్తలో, కొత్త పెళ్ళికొడుకు రైలు నడుపుతుంటే చూద్దామని మొదటి పెట్టె ఎక్కి, డ్రైవరు గది అద్దం వెనక నిలబడేది. ఆయన చెయ్యి ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. మీట తనవైపు లాగితే రైలు కదిలేది. ముందుకు తోస్తే ఆగేది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ చేతికి అదొక్కటే తెలుసు. పాపం, నేల దగ్గరపడగానే ఆపుదామని అది ముందుకు తోస్తోంది. విమానమేమో వేగం అడిగాడనుకుని లేచిపోతోంది.

జాలి తీరాక ఇంకో ఆలోచన వచ్చింది. ప్లాట్‌ఫారం గీత మీద అంగుళం తప్పకుండా రైలు ఆపిన మనిషికి, నలభై ఆరుసార్లు పడ్డా ఈ సంగతి తట్టలేదా? పదోసారికే తట్టి ఉంటుంది. తట్టినా సరిచేయలేదు. ఆయనకు సముద్రమే సుఖంగా ఉంది.

నాలుగు మరలు ఊడదీసి, పెట్టెను వెనక్కి తిప్పి, మళ్ళీ బిగించింది చిజురు. ఇప్పుడు లాగితే వేగం, తోస్తే నిదానం.

తర్వాత వీధి నోటీసు పలక తీసింది. ఇంటింటికీ తిరిగి, ప్రతి ఇంటి ముద్రా వేయించుకుని వచ్చే పలక అది. కాలువల శుభ్రత గురించిన కాగితం కింద పొందికగా రాసింది: "ఆదివారం మూడు గంటలకు కునిహికో గారు మా ఇంట్లో విమానం దించుతారు. దిగిన పక్షంలో బుధవారం మనవరాలిని చూడ్డానికి ఇషిగాకి ప్రయాణం. టీ ఉంటుంది."

ఆదివారం దాకా ఆయన ఆట జోలికి పోకుండా, ఎండబెట్టాలంటూ పరుపులన్నీ అలమరకు అడ్డంగా పేర్చింది. శనివారానికి పలక పన్నెండు ముద్రలతో తిరిగొచ్చింది.

"ఏమిటిది?" అన్నాడు కునిహికో.

"మీరన్న మాటే కదండీ. దస్తూరీ మాత్రమే నాది."

ఆయన పలక మీది కాగితాన్ని రెండోసారి చదివాడు. పదిమంది సాక్షుల ముందు నలభై ఏడోసారి పడితే ఇషిగాకి మాట ఇక ఎవరూ ఎత్తరు. ముఖం వికసించింది. "యోషి!"

ఆదివారం తొమ్మిదిమంది వచ్చారు. పక్కింటి మంగలి ఉబుకతా గారు ముందు వరసలో కూర్చుని, "యోషి గారూ, నడుముకు కట్టుకునే బెల్టులేవీ?" అన్నారు.

"మీరు టీకప్పు గట్టిగా పట్టుకోండి, చాలు," అంది చిజురు.

కునిహికో ముల్లంగి కోరాం వైపు వేలు చాచాడు. "చక్రాలు, యోషి!" రన్‌వే కనిపించింది. అప్పటికే ముఖానికి విచారం పులుముకుని, హస్తాన్ని హాయిగా ముందుకు తోశాడు.

విమానం గర్జించలేదు. బుద్ధిగా కిందికి దిగి, మెల్లగా పరుగెత్తి, తెల్లగీత మీద ఆగింది.

చప్పట్లు మోగాయి. "ముప్ఫై ఎనిమిదేళ్ళ చెయ్యి! ఊరికే పోతుందా!" అని ఉబుకతా గారు కళ్ళు తుడుచుకున్నారు. కునిహికో మాత్రం అన్నం హస్తాన్ని, వెన్నుపోటు పొడిచిన స్నేహితుణ్ణి చూసినట్టు చూశాడు.

వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "ఎవరో మీట తిప్పేశారు!"

"అయ్యో, అలాగా? మరి వెళ్ళి వాళ్ళతో చెప్పండి. మామూలుగా అయితే పడిపోయేదని."

ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని, "నా నడుం కొంచెం..." అన్నాడు.

"నడుం పట్టీ పెట్టెలో సర్దేశాను."

బుధవారం ఒసాకాలో విమానం కదిలినప్పుడు పట్టుకున్న చిజురు చెయ్యి ఆయన మళ్ళీ వదల్లేదు. కిటికీలోంచి దీవి కనిపించింది. నేల దగ్గరపడింది. ఆయన రెండో చెయ్యి దానంతట అదే ముందుకు తోసింది. అక్కడ హస్తం లేదు, ముందు సీటు ఉంది. అందులోని పెద్దమనిషి ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. విమానం మాత్రం ఎవరి సాయమూ అడగకుండా దిగి, ఆగింది.

కునిహికో తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత వెన్ను నిటారుగా పెట్టి, చూపుడువేలు మెల్లగా తన ముక్కుకే గురిపెట్టుకుని, ప్లాట్‌ఫారం చివరిదాకా వినిపించే పాత గొంతుతో అన్నాడు.

"విమానంలో లోపం లేదు! మీటలో లోపం లేదు! భయపడింది నేను! పెళ్ళినాటి నడుం నొప్పి అబద్ధం! తప్పు నాది! యోషి!"

మూడు వరసలవాళ్ళు వెనక్కి తిరిగారు.

చిజురు కళ్ళు చెమర్చాయి. కాని నియమం నియమమే. ఆవిడా వేలు చాచి, ఆయన ముక్కుకే గురిపెట్టింది.

"విన్నాను, యోషి!"